వదిన కూలి ఎవరి ఖాతాలో?

సికింద్రాబాద్‌లో ఇంటి వ్యాపారం చేసేవాళ్ళెంతమందో, సలహా చెప్పేవాళ్ళూ అంతమంది. మోండా మార్కెట్‌లో పచ్చడి మామిడికాయ దిగిందంటే చాలు, పద్మారావునగర్ నుంచి మారేడ్‌పల్లి దాకా ఏ అపార్టుమెంటులో చూసినా ఒకరు జాడీలు ఎండబెడుతుంటారు, ఇంకొకరు పక్కన నిలబడి వ్యాపార రహస్యాలు వివరిస్తుంటారు. ఈ ఇద్దరూ ఎన్నడూ ఒకే మనిషి కాకపోవడమే విచిత్రం. ఇక్కడ మాట్లాడుకునేవాళ్ళు ముగ్గురు. ప్రేరణానంద: చొక్కాకు మైకు తగిలించుకునే పుట్టిన రకం, ప్రతి వాక్యం చివరా చప్పట్ల కోసం ఆగుతాడు. లెక్కలయ్య: రైల్‌నిలయంలో అకౌంట్సు చూసి రిటైరయిన రకం, పాల ప్యాకెట్టుకు కూడా రసీదు అడుగుతాడు. వదిన: మూడో అంతస్తులో పచ్చళ్ళు, పిండివంటలు చేసి అమ్మే రకం, లష్కర్‌లో, అదే మన సికింద్రాబాద్‌లో, సగం మందికి ఆవిడ వదినే. ఇవి ఎవరి పేర్లూ కావు గనక ఫ్లాటు నంబరు అడక్కండి. లిఫ్టు చెడిపోయింది, మెట్ల మీద కలిశారు.

ప్రేరణానంద: వదినగారూ, మీ బలం మీకు తెలియడం లేదు! జనరల్ బజార్‌లో కొట్టు పెట్టాలంటే అడ్వాన్సుకే నడుం విరుగుతుంది. మీకు అద్దె లేదు, జీతాలు లేవు, బస్సు ఛార్జీ లేదు. ఇల్లుంది, పొయ్యి ఉంది, చేతి నిండా ఖాళీ సమయం ఉంది. పెట్టుబడి సున్నా, రాబడి అనంతం. 1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయల అప్పుతో మేడ మీద అప్పడాలు ఒత్తారు. ఈవేళ లిజ్జత్ పేరు తెలియని ఇల్లుందా? కావలసింది కల ఒక్కటే!

వదిన: కల కనడానికి నిద్రపోవాలి కదండీ. అయినా బాగానే నడుస్తోంది. ఆవకాయ కిలో 500కి ఇస్తున్నాను. సరుకు 320, డబ్బా, లేబులు కలిపి 40. కిలోకు 140 మిగులు. నెలకు వంద కిలోలు పోతాయి. అంటే పద్నాలుగు వేలు.

లెక్కలయ్య: అమ్మాయ్, ఆ పద్నాలుగు వేలను కాస్త మెట్టు మీద కూర్చోబెట్టు, పలకరిద్దాం. చుట్టాలకు, కింది ఫ్లాటువాళ్ళకు రుచి చూడమని ఇచ్చింది పది కిలోలుంటుందా? సరుకు ఖరీదే 3,200. వచ్చే నెల ఇస్తామన్నవాళ్ళ దగ్గర మునిగింది 2,000. గ్యాసు, కరెంటు 1,200. మీ ఆయన స్కూటరు మీద తార్నాక, బోయిన్‌పల్లి తిరిగిన పెట్రోలు 1,600. మొత్తం ఎనిమిది వేలు. మిగిలింది ఆరువేలు. రోజుకు ఆరు గంటల చొప్పున ఇరవై అయిదు రోజులు కష్టపడితే 150 గంటలు. అంటే గంటకు 40 రూపాయలు, రోజుకు 240. ఉపాధి హామీ పనికి 2025-26లో మన రాష్ట్రంలో రోజు కూలి 307. ఇంకా వెనకగది సంగతి రానే లేదు. జాడీలతో నింపావు గానీ, అద్దెకిస్తే 4,000 వచ్చేది. అదీ తీసేస్తే నీ కష్టానికి మిగిలేది రెండువేలు. రోజుకు 80. మోండాలో కత్తిపీట ముందు కూర్చుని మామిడికాయ కొట్టిపెట్టేవాడికి కిలోకింతని లెక్కపెట్టి ఇచ్చి వస్తావు. అతని చెయ్యి చెయ్యీ, నీది గరిటా?

(ఈ అంకెలు ఈ వదినవి. మీ వీధిలో కాయ ధర వేరు కావచ్చు, తీసివేతలు మాత్రం మారవు.)

ప్రేరణానంద: అయ్యా, ఇంట్లో మనిషి కష్టానికి ఎవరైనా ఖరీదు కడతారా? వదినగారు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు. ఆ సమయం వృథాగా పోయేదే కదా!

లెక్కలయ్య: వృథాగా పోయే సమయమట! జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళు 2024లో దేశమంతా తిరిగి, ఎవరు రోజంతా ఏం చేస్తున్నారో రాసుకున్నారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళకు అందులో రోజుకు 289 నిమిషాలు పోతున్నాయి, మగవాళ్ళకు 88. 2019 సర్వేలో ఆడవాళ్ళ అంకె 299. అయిదేళ్ళకు పది నిమిషాలు కలిసొచ్చాయి, సంతోషించాలి. అంటే వ్యాపారానికి పెట్టే ఆరు గంటలు ఖాళీలోంచి రావడం లేదు నాయనా, నిద్రలోంచి, నడుంలోంచి వస్తున్నాయి. ఇక నువ్వు తెచ్చిన లిజ్జత్ సాక్ష్యం నా పక్షానే చెబుతుంది. అక్కడ పిండి కేంద్రంలో కలుపుతారు, సభ్యురాలు ఇంటికి తీసుకెళ్ళి ఒత్తుతుంది, కిలోకు ఇంత అని ఒత్తుడు కూలి తీసుకుంటుంది. ఆ కూలి పోయాకే లాభం మాట. అప్పడం ధరలో అప్పడం చేసిన చెయ్యి ఉంది. అంతదూరం ఎందుకు, నిజామాబాద్, జగిత్యాల వైపు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళకు వెయ్యి బీడీలకు ఇంత అని ఉంది. ఇంట్లో చుట్టినా కార్మికులేనని 1966లోనే చట్టం రాశారు. ఆ కూలి సరిపోతుందా అంటే అది వేరే గొడవ. కానీ ఎంతో కొంత ఉంది. తానే యజమానురాలైన వదినకు అది కూడా లేదు. యజమాని దయలేనివాడని బీడీ కార్మికురాలు సంఘం పెట్టుకోవచ్చు. వదిన ఎవరి మీద పెట్టాలి?

వదిన: నిజమే బాబాయిగారూ. కానీ నా కూలి, గది అద్దె కలిపి ధర పెంచితే ఎవరు కొంటారు? సూపర్ మార్కెట్‌లో సీసా పచ్చడి నా ధరలో సగానికే దొరుకుతోంది. నిన్ననే ఒకావిడ 500 అంటే ఫోను పెట్టేసింది.

లెక్కలయ్య: పెట్టేసినావిడను పోనీ. యంత్రం మీద టన్నుల లెక్కన కలిపేవాడితో నువ్వు ధరలో పోటీపడలేవు, పడకూడదు. నీ దగ్గరికి వచ్చేవాళ్ళు చవకని రారు. ఎవరు చేశారో తెలుసనీ, నూనె ఏదో అడగొచ్చనీ వస్తారు. సరే, 600 చెయ్యి, వందలో ముప్ఫై మంది పోయారనుకో. 70 కిలోలకు 42,000. సరుకు, డబ్బా కలిపి కిలోకు 360 చొప్పున 25,200. గ్యాసు, కరెంటు, పెట్రోలు తగ్గలేదనే అనుకుందాం, 2,800. అరువు, ఉచితం బంద్. మిగిలింది 14,000. మొదట నువ్వు చెప్పిన అంకే! అది నోటి లెక్క, ఇది చేతికొచ్చేది. పని 150 గంటల నుంచి 105కి దిగింది. గది అద్దె నాలుగువేలు పక్కన పెట్టినా గంటకు 95 రూపాయలు పడుతుంది. ముప్ఫై మంది కాదు, డెబ్బై మంది పోతే? అప్పుడు అది వ్యాపారం కాదని మూడు నెలల్లో తెలిసిపోతుంది. తెలియకుండా మూడేళ్ళు నడపడం కంటే నయం.

ప్రేరణానంద: మీరు కాళ్ళకు అడ్డం పడుతున్నారు సార్! ఇప్పుడు విస్తరించాలి. ముద్ర రుణం శిశు పద్దులో 50,000 దాకా ఇస్తారు, లేదా గాజులు పెట్టి గోల్డ్ లోను. గ్రైండరు, బెంగుళూరుకు కొరియరు, ఇక ఆకాశమే హద్దు. కాగితాలూ లైసెన్సులూ తర్వాత చూసుకోవచ్చు.

లెక్కలయ్య: గంటకు 40 పడే పనిని రెండింతలు చేస్తే రెండింతల గంటలు 40కే పనిచేయాలి, పైగా వడ్డీ. అప్పు చెడ్డదని నేననను. కిలో మీద కూలి పోను మిగులుతోందని తేలాక తీసుకోవాలి, తేల్చుకోవడానికి తీసుకోకూడదు. ఇక కాగితాలకు భయపడేది తెలియకే. ఇంట్లో చేసిన తిండి అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉండాలి. 2011 నిబంధనల్లో అమ్మకాలు ఏడాదికి 12 లక్షల లోపైతే చిన్న నమోదు చాలన్నారు, ఇప్పటి హద్దు కనుక్కో. రుసుము ఏడాదికి 100 రూపాయలు. అంటే పావుకిలో ఆవకాయ కూడా కాదు. ఆ పద్నాలుగంకెల నంబరు, తయారీ తేదీ, బరువు, దినుసులు, చిరునామా డబ్బా మీద ఉంటే 600 అడగడానికి గొంతు లేస్తుంది. చిన్న వ్యాపారాల ఉద్యమ్ నమోదుకు పైసా అక్కర్లేదు, చేయిస్తామని రెండువేలు అడిగేవాడికి తలుపు చూపించు. జీఎస్టీకి సరుకు అమ్మేవాళ్ళ హద్దు ఆంధ్రాలో 40 లక్షలు, మన తెలంగాణలో 20. కానీ వేరే రాష్ట్రానికి పచ్చడి అమ్మితే ఆ హద్దు కాపాడదు, మొదటి డబ్బాకే నమోదు కావాలి. అప్పడాల మీద పన్ను లేదు గానీ పచ్చడి మీద ఉంది. కనక బెంగుళూరు ఆకాశం ఎక్కేముందు ఆ ఖర్చు కూడా ధరలో వేసుకోవాలి. చక్కిలాల పొయ్యి కింద ఇంటి సిలిండరుంటే అది 14.2 కిలోలది, వంటింటి కోసం ఇచ్చింది. అమ్మకానికి వండాలంటే 19 కిలోల వాణిజ్య సిలిండరు. ఇంటి మీటరు మీద పెద్ద గ్రైండరు పెడితే కరెంటు వాళ్ళు ఏ పద్దులో వేస్తారో, ట్రేడ్ లైసెన్సు ఎవరి దగ్గర తీసుకోవాలో కూడా ముందే కనుక్కో. కంటోన్మెంటులో ఉన్నవాళ్ళకు బోర్డు, మనకు నగరపాలక సంస్థ.

ఇక్కడ లెక్కలయ్యకు ఒక మాట అడ్డం చెప్పాలి. లోకంలో అన్నీ కూలి లెక్కకు లొంగవు. వదిన ఆ మాటే అంది.

వదిన: బాబాయిగారూ, డబ్బు ఒక్కటే అయితే ఎప్పుడో మానేసేదాన్ని. ఈ పచ్చళ్ళు మొదలుపెట్టాకే నాకంటూ ఒక బ్యాంకు ఖాతా వచ్చింది. బోనాలకు ఆడబిడ్డకు చీర పెట్టాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు. దానికేం ఖరీదు కడతారు?

లెక్కలయ్య: కట్టనమ్మా, కట్టకూడదు కూడా. కానీ అది వేరే గడిలో రాసుకో. సంతోషం కోసం చేస్తే 20 కిలోలు చెయ్యి, గాజుల మీద అప్పు తేకు. బతుకు కోసం చేస్తే నీ జీతం మొదటి గడిలో రాయి. రెండూ కలిపేస్తే, డబ్బు రానప్పుడు సంతోషం చూపించి, సంతోషం లేనప్పుడు డబ్బు చూపించి నిన్ను నువ్వే మోసం చేసుకుంటావు. ఆ ఖాతా మాత్రం నీ పేరునే ఉండనీ, ఇంటి ఖర్చుల ఖాతాతో కలపకు. అవునూ, ప్రేరణానందా, బేగంపేట హోటల్లో నీ శిబిరం ఆదివారం కదూ? ఫీజెంత?

ప్రేరణానంద: మూడు గంటలకు 2,999 సార్, జీఎస్టీ అదనం. ముందే కట్టాలి. మరి నా సమయానికి ఒక విలువ ఉంటుంది కదండీ!

వదిన: ఉంటుందండీ, ఉండాలి. మొన్న మీరు వీడియోలో చూపిస్తానని తీసుకెళ్ళిన గోంగూర, ఉసిరి రెండు కిలోలకు బిల్లు రాశాను, ఇదిగో. బాబాయిగారూ, మీదీ ఒకటుంది. పోయినేడు మాగాయ, కిలోన్నర.

లెక్కలయ్య: నాదా? అమ్మాయ్, అది... పెద్దవాణ్ణి, సీనియర్ సిటిజన్ రాయితీ అనుకోరాదూ?

వదిన: ఆ రాయితీ మీ రైల్వేవాళ్ళే 2020లో ఎత్తేశారుగా బాబాయిగారూ. ఫోన్‌పే చేస్తారా, చిల్లరుందా?