చచ్చిన కంపెనీ కళ్లు చారెడు

బ్రిటన్‌లో యాభై దాటిన మగవాళ్లలో ఓ తెగ ఉంది. సొంత పెళ్లిరోజు ఎప్పుడని అడిగితే భార్య వంక చూస్తారు. ఇమాజిన్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడు దివాలా తీసిందని అడిగితే మాత్రం 1984 జులై అని ఠక్కున చెబుతారు. ఓషన్, అల్టిమేట్, గ్రెమ్లిన్, సిగ్నోసిస్ అని పేర్లు తలుచుకుంటూ కళ్లొత్తుకుంటారు. అట్లాంటిక్ అవతల వీళ్ల దాయాదులు అటారీ, ఇన్ఫోకామ్, ఆరిజిన్ అంటూ అదే పని చేస్తారు. ఆ రోజుల్లో గేమ్ కంపెనీలంటే గుళ్లట. లోపల డబ్బు మాటే వినబడేది కాదట. ఇప్పటివాళ్లకు డబ్బు యావ తప్ప మరొకటి లేదట.

సరే, గుడి అన్నారు కాబట్టి చెప్పులు బయట విడిచి లోపలికే వెళ్దాం.

ఓషన్ సాఫ్ట్‌వేర్ నిజంగానే ప్రార్థనా మందిరంలో ఉండేది. మాంచెస్టర్‌లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల సమావేశ మందిరం ఉన్న భవనంలో ఈ కంపెనీ అద్దెకు దిగింది. క్వేకర్లకు యుద్ధమంటే గిట్టదు, హింసంటే ఆమడ దూరం. పైన వాళ్లు మౌనంగా కూర్చుని లోకశాంతిని ధ్యానిస్తుంటే, కింద నేలమాళిగలో కుర్రాళ్లు తెల్లవార్లూ కూర్చుని రాంబోతో ఎంతమందిని చంపించాలో లెక్కలు వేశారు. 1985లో రాంబో వచ్చింది, 1988లో రోబోకాప్ వచ్చింది. ఇంటివాళ్లు ఏమనుకున్నారో గాని అద్దె మాత్రం అందినట్టే ఉంది.

ఓషన్ కనిపెట్టిన సూత్రం సులువైనది. ముందు హాలీవుడ్ సినిమా పేరో టీవీ సీరియల్ పేరో కొనాలి. తర్వాత పత్రికలో నిండు పేజీ రంగుల ప్రకటన వెయ్యాలి. ఆ పైన వ్యవధి ఉంటే గేమ్ తయారు చెయ్యాలి. గేమ్ ఎలా ఉందో కొన్నాక గాని తెలియదు. అట్ట మీద ఏ హీరో ఉన్నాడో కొనకముందే తెలుస్తుంది. పదేళ్ల పిల్లాడు తన జేబుఖర్చు దేన్ని చూసి తీస్తాడో ఆ పెద్దమనుషులకు బాగా తెలుసు. రోబోకాప్ మంచి గేమే, కాదనను. నైట్ రైడర్ ఊసెత్తితే మాత్రం ఓషన్ భక్తులు కూడా వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెడతారు.

పైగా ఆ గేమ్ క్యాసెట్‌లోంచి కంప్యూటర్‌లోకి ఎక్కడానికి ఐదేసి నిమిషాలు పట్టేది. కమడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ మీద ఆ కాస్సేపూ వినిపించడానికి మార్టిన్ గాల్వే చేత ఓషన్ ఒక సంగీతం కట్టించింది. నలభై ఏళ్ల తర్వాత భక్తులు గేమ్‌ను మరిచిపోయి, గేమ్ కోసం కాచుకున్నప్పటి పాటను ఈల వేస్తున్నారు. స్పెక్ట్రమ్ అనే మరో ఇంటి కంప్యూటర్ మీదైతే ఆ భాగ్యమూ లేదు. కీచు శబ్దం వింటూ, రంగు చారలు చూస్తూ కూర్చుంటే చివర్లో 'ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్' అని దర్శనమిచ్చేది. మళ్లీ మొదటికి. దీన్నే ఇప్పుడు 'ఆ రోజుల్లో మాకు ఓపిక ఉండేది' అని చెప్పుకుంటున్నారు.

బర్మింగ్‌హామ్‌లోని యూఎస్ గోల్డ్ వాళ్లది ఇంకో రకం భక్తి. 1986లో మెక్సికోలో ప్రపంచకప్ ఫుట్‌బాల్ జరిగితే, దాని అధికారిక గేమ్ హక్కులు కొన్నారు. గేమ్ చెయ్యడానికి మాత్రం వేళ మించిపోయింది. అయినా కప్పు ఆగదు, క్రిస్మస్ ఆగదు, పిల్లల డబ్బులు అసలే ఆగవు. ఆర్టిక్ అనే మరో కంపెనీ 1984లో అమ్మి వదిలేసిన ఫుట్‌బాల్ గేమ్‌ను తెచ్చి, కాస్త సున్నం కొట్టి, పెద్ద పెట్టెలో నాలుగు చిల్లర సామాన్లతో సహా సర్ది, వరల్డ్ కప్ కార్నివాల్ అని కొత్త గేమ్ ధరకు అమ్మేశారు. పత్రికలు చీల్చి చెండాడాయి. ఇప్పటి కంపెనీలు సగం ఉడికిన గేమ్‌ను అమ్ముతున్నాయని వాపోయే పెద్దలు గమనించాలి. మీ స్వర్ణయుగంలో ఉడికించే శ్రమ కూడా పడలేదు, నిన్నటి చద్దినే వడ్డించారు.

ఇక లివర్‌పూల్ ఇమాజిన్. భక్తుల దృష్టిలో ఇది అమరవీరుల స్థూపం. 1982లో పుట్టింది, ఏడాది తిరిగేసరికి గేటు ముందు ఖరీదైన కార్లు నిలిచాయి. ఇంకా మీసాలు మొలవని ప్రోగ్రామర్‌కు ఏటా 35,000 పౌండ్లు ముడుతున్నాయని పత్రికలు రాశాయి. 1983 క్రిస్మస్‌కు పోటీ కంపెనీల క్యాసెట్లు బజారుకే రాకూడదని, క్యాసెట్లు కాపీ చేసే ఓ పెద్ద ఫ్యాక్టరీని ముందే తమ పేర బుక్ చేసుకున్నారు. పోటీవాళ్లు తమ దారి తాము చూసుకున్నారు. ఇమాజిన్‌కు మిగిలింది గోదాము నిండా అమ్ముడుపోని సరుకు. ఆ నష్టం పూడ్చడానికి 'మెగాగేమ్' అని కొత్త పేరు కనిపెట్టారు. మామూలు గేమ్ ఐదున్నర పౌండ్లకు దొరికే కాలంలో దీని ధర నలభై దాకా ఉంటుందన్నారు. బాండర్‌స్నాచ్, సైక్లాప్స్ అని ప్రకటనలు వేశారు. ఆ ప్రకటనలే చివరికి విడుదలైన మెగాగేములు.

సరిగ్గా అప్పుడే కుర్రాళ్ల విజయగాథ తీద్దామని బీబీసీ వాళ్లు కెమెరాలతో వచ్చారు. విజయం కోసం వస్తే కోర్టు జప్తు దొరికింది. తాళాలు పడటం, సామాన్లు లెక్కపెట్టడం అన్నీ చక్కగా తీసుకుని ఆ ఏడాది చివర్లో దేశమంతటికీ చూపించారు.

ఈ కథలో నాకు బాగా నచ్చే ఘట్టం ఆ తర్వాతిది. ఇమాజిన్ చచ్చింది గాని దాని పేరును ఓషన్ కొనుక్కుంది. జపాన్ ఆర్కేడ్ గేములకు ఇంటి కంప్యూటర్ రూపాలు కట్టి, వాటి మీద 'ఇమాజిన్' అని ముద్ర కొట్టి ఏళ్ల తరబడి అమ్మింది. అంటే ఇప్పుడు 'ఇమాజిన్ అంటే నాకు ప్రాణం' అనే మనిషి ప్రాణం పెట్టుకున్నది లివర్‌పూల్ కుర్రాళ్ల మీదో, మాంచెస్టర్ లెక్కల పుస్తకం మీదో ఆయనకే తెలియదు. పేరు ఒకటి, చేతులు వేరు. పోయిన కంపెనీ పేరును పిల్లలకు మళ్లీ అమ్మడం నిన్నా మొన్నా మొదలైన దందా కాదు. మీరు పిల్లలుగా ఉన్నప్పుడే మీ మీద ప్రయోగించి చూశారు, పనిచేసింది.

చేతులంటే గుర్తొచ్చింది. ఆ చేతుల పట్ల ఈ గుళ్లు చూపిన ఆదరణ ఎంతటిది? అటారీలో గేమ్ రాసినవాడి పేరు ఎక్కడా కనబడటానికి వీల్లేదు. వారెన్ రాబినెట్ అనే ఆయన తాను రాసిన అడ్వెంచర్ గేమ్‌లో రహస్యంగా ఒక గది కట్టి, కంటికి ఆనని చుక్క ఒకటి పట్టుకెళ్తే గాని తెరుచుకోకుండా చేసి, ఆ గదిలో తన పేరు దాచుకున్నాడు. తను చేసిన పని మీద తన పేరు పెట్టుకోవడానికి దొంగతనం చెయ్యాల్సి వచ్చింది. అటారీని అప్పుడు ఏలుతున్న రే కసార్ బట్టల మిల్లుల వ్యాపారం నుంచి వచ్చినవాడు. మా గేములు ఇంత సంపాదించిపెడుతున్నాయి, మా సంగతేమిటని నలుగురు ప్రోగ్రామర్లు అడిగితే, గేమ్ డబ్బాలు సర్దేవాడి కంటే మీరేం ఎక్కువ కాదన్నాడట. ఆ నలుగురిలో ఒకడైన డేవిడ్ క్రేన్ చెప్పిన మాట ఇది. వాళ్లు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. అట్టల మీద ప్రోగ్రామర్ పేరు వేశారు, అభినందించాలి. 2023లో మైక్రోసాఫ్ట్ ఆ యాక్టివిజన్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొంది. తిరుగుబాటు కూడా పాతబడితే మంచి ధరే పలుకుతుంది.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఇంకా నాటకీయం. పెట్టిన తొలి రోజుల్లో తన ప్రోగ్రామర్లకు నల్ల దుస్తులు తొడిగి, సినిమా తారల్లా ఫొటోలు తీయించి, కంప్యూటర్ మనిషిని ఏడిపించగలదా అని ప్రకటన వేసింది. 2004లో ఆ కంపెనీ ఉద్యోగి భాగస్వామి ఒకామె రాసిన బహిరంగ లేఖ చూస్తే జవాబు దొరుకుతుంది. వారాల తరబడి సెలవు లేని చాకిరీ, దానికి అదనపు జీతం సున్నా. 2005లో గ్రాఫిక్ కళాకారుల దావా తేల్చుకోవడానికి కంపెనీ 1.56 కోట్ల డాలర్లు చెల్లించింది. ఏడిపించగలదు.

ఇప్పుడు అసలు బజారుకు వద్దాం. 1982లో అటారీ ఈటీ గేమ్‌ను ఐదు వారాల్లో రాయించి, లక్షల్లో కార్ట్రిడ్జులు చేయించి, అమ్ముకోలేక, 1983లో మిగిలిన సరుకులో కొంత న్యూమెక్సికోలోని అలమగోర్డో చెత్తదిబ్బలో పాతిపెట్టింది. 2014లో కెమెరాల మధ్య ఆ దిబ్బను తవ్వారు. ఊరి పురపాలక సంఘం ఆ చెత్తను వేలం వేస్తే లక్ష డాలర్లకు పైగా వచ్చింది. కొత్తప్పుడు ఎవరికీ అక్కర్లేని వస్తువు ముప్పై ఏళ్లు చెత్తలో నానితే పురావస్తువైంది. మన మున్సిపాలిటీలు ఈ ఆదాయ మార్గం మీద దృష్టి పెట్టాలని మనవి.

ఇంత ప్రేమ ఉన్నవాళ్లు అటారీకి ఏటా తద్దినం పెట్టుకోవచ్చు. చిక్కల్లా పురోహితుడు గోత్రం అడిగినప్పుడే. 1972లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీల ఇంట పుట్టింది. 1976లో వార్నర్ వాళ్లు 2.8 కోట్ల డాలర్లిచ్చి దత్తత తీసుకున్నారు. 1984లో ఇంటిని చీల్చి, ఇంటి కంప్యూటర్ల వాటాను జాక్ ట్రమీల్ చేతిలో పెట్టారు. ఆయనెవరో కాదు, నిన్నటిదాకా అటారీని ఉతికి ఆరేసిన కమడోర్ స్థాపకుడు. 1996లో జేటీఎస్ అనే హార్డ్ డిస్కుల కంపెనీ పాలైంది. 1998లో బొమ్మలమ్మే హాస్‌బ్రో 50 లక్షల డాలర్లకు ఎత్తుకుపోయింది. అక్కణ్నుంచి ఫ్రెంచి ఇన్ఫోగ్రామ్స్ ఒళ్లో పడింది. ఈ ఇన్ఫోగ్రామ్స్ సామాన్యురాలు కాదు. 1996లో ఓషన్‌ను, 1999లో గ్రెమ్లిన్‌ను కలిపేసుకుని, వాటి బోర్డులు పీకి తన బోర్డు తగిలించిన తల్లి. అలాంటిది 2009లో తన బోర్డునే పీకేసుకుని అటారీ అని పేరు మార్చుకుంది. పెంచినవాళ్లే బిడ్డ ఇంటిపేరు పెట్టుకున్న వింత దత్తత ఇది. ఆ కొత్త అటారీ స్పీకర్లు కుట్టిన టోపీలు తెచ్చింది, హోటళ్లు కడతానంది. 2024లో పాత జ్ఞాపకాల మీద మమకారంతో ఒక లేబుల్‌కు ప్రాణం పోసింది. దాని పేరు ఇన్ఫోగ్రామ్స్. ఓషన్‌ను మింగిన నోటికి కూడా ఇప్పుడు అభిమాన సంఘం కావాలి!

పాత స్పెక్ట్రమ్‌ను జేబులో పెట్టుకు తిరిగే యంత్రంగా మళ్లీ తెస్తామని 2016లో వేగా ప్లస్ పేర చందాలు పోగు చేశారు. ఐదు లక్షల పౌండ్లు దాటింది. గడువులు ఒకదాని వెనక ఒకటి జారిపోయాయి. 2018లో ఏవో కొన్ని యంత్రాలు జనానికి అందాయి, 2019లో కంపెనీ మూతపడింది. ముందు ప్రకటన, తర్వాత డబ్బు, చివరికి తాళం. 1984 నాటి ఇమాజిన్ అనుభూతిని ఏ లోటూ రాకుండా అందించిన రెట్రో సంస్థ ఇదొక్కటే, అయినా కృతజ్ఞత లేని జనం కేసులు పెట్టారు.

మన తెలుగువాళ్లు ఇందులో వెనకబడితే ఎలా? తొంభైల్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో డాస్ నేర్చుకుంటామని ఇంట్లో ఫీజు కట్టించుకుని ప్రిన్స్ ఆఫ్ పర్షియా, డేవ్ నేర్చుకున్న తరం మనది. ఆ తర్వాత రోడ్ రాష్. ఫ్లాపీ మీంచి ఫ్లాపీకి, సీడీ మీంచి సీడీకి ఊళ్లు దాటించామే గాని ఏ కంపెనీకీ ఒక్క రూపాయి చెల్లించిన పాపాన పోలేదు. అదే తరం ఇవాళ గచ్చిబౌలిలోనూ డాలస్‌లోనూ కూర్చుని, ఆనాటి కంపెనీల విలువలే వేరంటూ నిట్టూరుస్తోంది. చిల్లిగవ్వ ఇవ్వని కొట్టు మూతపడిందని ఏడ్చే ఖాతాదార్లను మన దగ్గరే చూడాలి.

డేవ్ పూర్తి పేరు డేంజరస్ డేవ్. సముద్రపు దొంగ డెన్‌లో దూరి అతను దాచుకున్న సొత్తు కొట్టేయడమే ఆట. మనం ఆడిన కాపీకి అంతకంటే తగిన కథ ఉండదు. రాసింది జాన్ రొమేరో, అమ్మింది లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఉన్న సాఫ్ట్‌డిస్క్. రొమేరో బృందం వారాంతాల్లో ఆ ఆఫీసు కంప్యూటర్లనే కార్లలో ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్లి, వాటి మీద వేరే వాళ్ల కోసం కమాండర్ కీన్ అనే ఆట చేసి, సోమవారానికి మళ్లీ తెచ్చి పెట్టేసేది. దొంగ ఆటకు దొంగ కాపీ మనదైతే, ఆ కంపెనీకి దక్కిన ఉద్యోగులూ తగ్గవాళ్లే. సాఫ్ట్‌డిస్క్ పేరు ఆట మొదటి తెర మీదే ఉండేది, అయినా మనలో ఎవరూ చదివిన గుర్తు లేదు. దాని లోగోతో చొక్కా వేసుకున్న మనిషి నాకింతవరకు ఎదురుపడలేదు. ఈ ముక్క ఏ లైసెన్సుల కంపెనీ చెవిన పడుతుందో చెప్పలేం. పడితే, మొదటి టీషర్టు నాకు ఉచితంగా పంపాలి. సైజు ఎక్స్ఎల్.