ఖమ్మంలో సున్న పోయింది

మా అపార్ట్‌మెంటులో అందరూ ఆయన్ని స్టేషన్ మాస్టారనే పిలుస్తారు. రైల్వేలో ఆయన ఒక్కరోజు కూడా పనిచేయలేదు. ముప్పైనాలుగేళ్ళు బ్యాంకులో చేశారు. లెక్కలో రూపాయి తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుని, అది దొరికాకే టిఫిన్ డబ్బా సర్దుకునేవారట. రిటైరయ్యాక పట్టుకోవడానికి తేడాలేం మిగల్లేదు. పెన్షన్ కూడా సరిగ్గానే పడుతోంది. ఇక మనిషికి పొద్దెలా పోతుంది? మేడమీది ఒంటిగదిలో రైలు స్టేషన్ కట్టడం మొదలుపెట్టారు.

బొమ్మ స్టేషన్ అనకండి. అంటే ఆ రోజు మీకు కాఫీ రాదు. అది మోడల్. 1:87. నిజంలో 87 అడుగులుంటే ఇక్కడ ఒక్క అడుగన్నమాట. దీన్ని హెచ్‌వో స్కేలంటారు, దేశదేశాల్లో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఎక్కువగా ఈ కొలతకే కట్టుకుంటారు. తొంభై పెట్టుకుంటే లెక్క తేలిక కదా మాస్టారూ అని ఒకసారి అన్నాను. కౌంటర్లో చిరిగిన నోటు తోసినవాణ్ణి చూసినట్టు చూశారు.

ఈ వంశంవాళ్ళు కాలనీకొకరు ఉంటారు. ఒకాయన వాచీ చూస్తూ డికాషన్ దించుతాడు. ఇంకొకాయన పెళ్ళిపత్రికలో అచ్చుతప్పులకు ఎర్రపెన్నుతో సున్నాలు చుట్టి, అక్షింతలతోపాటు ఆ పత్రికనూ పెళ్ళికూతురి తండ్రికి అందిస్తాడు. మా మాస్టారిదీ ఆ గోత్రమే. కాకపోతే ఈయన చేతికి లేజర్ దొరికింది.

మొదట్లో అట్టముక్కలూ బ్లేడూనే. పాత స్టేషన్లలో ప్లాట్‌ఫాం రేకుల అంచున రంపప్పళ్ళలా చెక్కలు వేలాడుతుంటాయి చూడండి, అవి కోస్తూ అరవయ్యో పన్ను దగ్గర బొటనవేలు కోసుకున్నారు. ఆ కట్టుతోనే మేనకోడలి పెళ్ళిపత్రికలు తేవడానికి వెళ్తే, ఆ షాపులో లేజర్ మెషీను పత్రిక మీద వినాయకుణ్ణి కోస్తోంది. విరిగిన దంతంతో సహా. మాస్టారు పత్రికలు మర్చిపోయి ఆ దంతం చూస్తూ గంటసేపు నిలబడ్డారు. నెల తిరక్కుండా మెషీను మేడెక్కింది.

చూడ్డానికి పాతకాలపు ట్రంకుపెట్టెలా ఉంటుంది. లోపల గాజుగొట్టం, అందులో కార్బన్ డయాక్సైడు. 40 వాట్లు. "బాత్రూం బల్బంత! దీనికా ఇంత డబ్బు?" అన్నారు మాస్టారి భార్య పిన్నిగారు. ఆ కాస్త వేడినీ అద్దాలతో తిప్పి, కటకంతో వెంట్రుకంత చోట గుచ్చితే 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క అరటిపండులా తెగుతుంది. కిరణం కంటికి కనబడదు. సినిమాలోలాగా ఎర్రగీత వస్తుందని చూడ్డానికొచ్చిన పిల్లలు ఒక చిన్న నిప్పురవ్వ, కాస్త పొగ చూసి పెదవి చప్పరించి వెళ్ళిపోయారు.

పొగంటే గుర్తొచ్చింది. కిటికీలోంచి గొట్టం బయటికి పెట్టారు. మొదటి వారం మా ఫ్లాట్లలో ఎవరో హోమం చేయిస్తూ ప్రసాదం మాత్రం పంచడం లేదని వాచ్‌మన్ దగ్గర ఫిర్యాదు నమోదైంది. పొగ విషయంలో మాత్రం మాస్టారు కచ్చితం. నేను సాయం చేద్దామని ఇంట్లో మిగిలిన పీవీసీ షీటు పట్టుకెళ్తే గుమ్మంలోనే ఆపేశారు. పీవీసీని లేజర్‌తో కోస్తే క్లోరిన్ కలిసిన పొగ వస్తుందట, ఊపిరితిత్తులకు ముప్పు, మెషీనుకు తుప్పు. ఆయన ఏ క్రమంలో బాధపడ్డారో నాకు అర్థమైంది: ముందు మెషీను.

ఆ గొట్టం వేడెక్కకూడదు, చుట్టూ ఎప్పుడూ చల్లటి నీళ్ళు తిరుగుతూ ఉండాలి. అందుకు ఒక బకెట్టు, అందులో మునిగే చిన్న పంపు. బకెట్టు పిన్నిగారిది. సికింద్రాబాదు ఏప్రిల్లో ట్యాంకు నీళ్ళు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, బియ్యం పోస్తే ఉడుకుతాయి. కాబట్టి ఫ్రిజ్‌లో ఐసు ముక్కలన్నీ మేడమీదికే. మండుటెండలో చుట్టాలొస్తే మజ్జిగలోకి ఐసు లేదు. "మా ఇంట్లో చల్లగా ఉన్నది ఆ గొట్టం ఒక్కటే" అంటారు పిన్నిగారు, విసనకర్ర ఊపుకుంటూ.

ఇక తేడాల సంగతి. లేజర్ కోసినచోట గీతంత మేర చెక్క కాలిపోతుంది. దాన్ని కెర్ఫ్ అంటారు. ఆయన మెషీనుకు 0.2 మిల్లీమీటరు. ఆ కాస్తకే గోడల మూలలు వదులుగా ఆడాయి. నాకైతే కళ్ళద్దాలు పెట్టుకున్నా కనబడలేదు. ఆయన కాలిక్యులేటర్ తీశారు. "0.2 ఇంటూ 87. పదిహేడు మిల్లీమీటర్లు. ఖమ్మం స్టేషన్ గోడ మూలలో వేలు దూరేంత సందుంటుందా?"

"మన లిఫ్టు పక్క గోడలో చెయ్యే దూరుతుంది మాస్టారూ."

"అందుకే నేను ఇక్కడ రైలు ఆపను."

ఖమ్మమే ఎందుకంటే ఆయన చిన్నతనం అక్కడ గడిచింది. గోడలు, తలుపులు, టికెట్ కిటికీ చువ్వలు అన్నీ కుదిరాయి. మిగిలింది పేరు బోర్డు. పసుపు మీద నల్లక్షరాలు. నిజం బోర్డు మీద అక్షరం అడుగెత్తు అనుకుంటే ఇక్కడ మూడున్నర మిల్లీమీటర్లు. ముద్ర కొడితే పోయేది. కానీ దగ్గరగా చూస్తే అక్షరాలు కాస్త ఉబ్బెత్తుగా కనబడాలి కాబట్టి పల్చటి నల్లకార్డులోంచి ఒక్కో అక్షరం కోసి అంటించాలన్నారు.

అప్పుడు తెలిసింది లేజర్‌కి తెలుగు రాదని. హిందీలో ఖమ్మం చక్కగా వచ్చింది. వాళ్ళది ఉమ్మడి కుటుంబం, తలమీది గీత పట్టుకుని అందరూ ఒక్కముక్కగా బయటపడ్డారు. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా వచ్చినా బలంగానే ఉన్నాయి, గిన్నెలో సామానులా ఏరుకోవచ్చు. మనవి మాత్రం వేరుకాపురాలు. ఖ ఒకచోట, మ ఒకచోట, మ కింద ఒత్తు ఇంకోచోట. చివర సున్న, రెండు మిల్లీమీటర్లు. పొగ కమ్మకుండా మెషీను గాలి ఊదుతుంది కదా, కోయడమైతే కోసింది, కోసిన వెంటనే ఉఫ్‌మని ఊదేసింది.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి మాస్టారు నేలమీద బోర్లా పడుకుని, ఫోను టార్చి వేసి మంచం కింద వెతుకుతున్నారు. పిన్నిగారు గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డారు. ఒత్తు చెప్పు అడుగున దొరికింది. సున్న దొరకలేదు. "మధ్యాహ్నం ఊడ్చావా?" అనడిగారు మాస్టారు, పడుకునే. ఆవిడ జవాబు చెప్పలేదు. ఆ మౌనం నిడివి నేను కొలవలేదు గానీ, 87తో భాగించినా పెద్దదే.

పట్టాల దగ్గర మాత్రం ఆయన నిజంగా మొండికేశారు. బజారులో దొరికే హెచ్‌వో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజి లెక్క. మన బ్రాడ్‌గేజి 1676, అంటే ఐదడుగుల ఆరంగుళాలు. 87తో భాగిస్తే 19.26 రావాలి. నిజం కొలతలో తేడా తొమ్మిదిన్నర అంగుళాలు. రూపాయికే రాత్రి పదింటిదాకా కూర్చున్న మనిషాయె! రెడీమేడ్ పట్టాలు అటకెక్కించి, స్లీపర్లు తానే కోసుకున్నారు. ఒక్కోటి 31.6 మిల్లీమీటర్ల పొడవు, పట్టా కూర్చోవడానికి రెండు గాళ్ళు. మీటరుకు 145 స్లీపర్లు, నాలుగు మీటర్లు. కింద కంకరకు గ్రానైట్ పొడి, ఇడ్లీరవ్వ జల్లెడలో జల్లించింది. ఆ జల్లెడ ఎవరిదో మళ్ళీ చెప్పను.

ఒప్పుకోవాలి, ఆ పట్టాల మీద వంగి చూస్తే నాకు ఎక్కడో కూత వినబడింది.

ఈ వేసవిలో అట్లాంటా నుంచి మనవడొచ్చాడు. ఆరేళ్ళు. తాతకోసం ఇంజన్ తెచ్చాడు, అచ్చమైన హెచ్‌వో. ఇల్లంతా మేడెక్కింది. వాడు ఊపిరి బిగబట్టి ఇంజన్‌ను పట్టాల మీద పెట్టాడు. దాని చక్రాలు 16.5కి చేసినవి. టక్కుమని రెండు పట్టాల మధ్య కంకరలో పడింది. ఎవరూ మాట్లాడలేదు. "తాతా, నీ ట్రాక్ లావైపోయింది" అన్నాడు వాడు.

తర్వాత ఆ ఇంజన్ పదిరోజులు కింద హాల్లో, మార్బుల్ మీద, పట్టాల్లేకుండా బ్రహ్మాండంగా నడిచింది. సోఫా దగ్గర కాజీపేట, ఫ్రిజ్ దగ్గర బెజవాడ. బెజవాడలో పిన్నిగారు పునుగులు అమ్మారు.

మాస్టారు ఇప్పుడు ఆ ఇంజన్ ఇరుసులు పొడవు చేసే పనిలో ఉన్నారు. ఇనుము కోయడం 40 వాట్ల వల్ల అయ్యే పని కాదు, కాబట్టి టైం పడుతుంది. ఈలోగా ఇరుగుపొరుగుకు ఒక మనవి. రెండు మిల్లీమీటర్ల సున్న, నల్లకార్డుది, ఒక అంచు కాస్త కమిలి ఉంటుంది. మీ చెప్పుకో చీపురుకో అంటుకుని కనబడితే మేడమీద ఇచ్చిపోండి. కొత్తది కోసుకోవచ్చు కదా అని మాత్రం ఆయనతో అనకండి. నేనన్నాను. కాఫీ రాలేదు.