మీ పాముకు మైట్లు పట్టాయా? కంగారు పడకండి, ఇంకా పడతాయి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లవాడు కుక్కపిల్ల కావాలని నెలల తరబడి సతాయిస్తే, అలర్జీలని తప్పించుకుని చివరికి బాల్ పైథాన్‌కు సరేనన్న తల్లిదండ్రులు మనవాళ్ళలోనూ ఉన్నారు. బొచ్చు రాల్చదు, మొరగదు, వారం పది రోజులకో ఎలుకతో సరిపెట్టుకుంటుంది. ఫ్రీజర్‌లో కొబ్బరి తురుము పాకెట్టు పక్కన ఉన్న పాకెట్టులో ఏముందో ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకు చెప్పకుండా ఉంటే సంసారం సాఫీగానే సాగుతుంది. మైట్లు వచ్చేదాకా. వచ్చాక ఏం చేయాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. సరీసృపాల డాక్టర్లు చెప్పేదానికి ఇవి పూర్తిగా విరుద్ధం. ఫీజు లేదు.

అన్నిటికన్నా ముందు, గుర్తుపట్టకండి. బాల్ పైథాన్ ఘానా, టోగో, బెనిన్ ప్రాంతాల పాము. పగలంతా బొరియల్లోనో చెదపుట్టల్లోనో ముడుచుకుని పడుకునే జాతి. అలాంటిది గంటల తరబడి నీళ్ళగిన్నెలో మునిగి కూర్చుంటే ఈత సరదా పుట్టిందనుకోండి. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. గిన్నె అడుగున చేరిన నల్ల నలుసులు మట్టే. పొలుసుల మీద బూడిద చల్లినట్టు తెల్లచుక్కలు కనిపిస్తే అవి మైట్ల మలం అంటారు గానీ, ఈశ్వరుడి మెడలో ఉండే జీవికి కాస్త విభూతి అంటితే తప్పేముంది?

కొందరు చాదస్తులు తెల్ల టిష్యూ కాగితం తడిపి పామును తల నుంచి తోక దాకా నెమ్మదిగా తుడుస్తారు. మీరు ఆ పని చేయకండి. కాగితం మీద మిల్లీమీటరు పొడవు ఉండీ లేని నల్లచుక్కలు మిగులుతాయి. కాసేపు చూస్తే అందులో ఒకటి నడవడం మొదలుపెడుతుంది. గోటితో నొక్కితే ఎర్రటి మరక. ఆ రక్తం పాముదే. ఇంత చూశాక ఆ రాత్రి ఎవరికి నిద్ర పడుతుంది?

కంటి దగ్గర అసలే చూడొద్దు. పాముకు కనురెప్పలు ఉండవు, కంటిని కప్పుతూ అద్దంలాంటి పొలుసు ఒకటి ఉంటుంది. దాని చుట్టూ ఉన్న సన్నటి గాడి మైట్లకు ఇష్టమైన చోటు. గవద కింద గాడి, పెదవి అంచున వేడిని పసిగట్టే గుంటలు, మలద్వారం మడతలు కూడా అంతే. ఒకవేళ చూసి తీరాలనిపిస్తే, కుబుసం విడిచినా కంటి మీద ఊడకుండా మిగిలిపోయిన పాత పొర ఒకటి కనబడవచ్చు. దాన్ని పట్టకారుతో లాగండి. నానబెట్టి మెత్తబడనివ్వమని, లేకపోతే డాక్టరుకు వదిలేయమని పెద్దలు అంటారు. కన్ను పోతే పోయేది పాముదే కదా.

ఇక వైద్యం. ఇందులో మూలసూత్రం ఒకటే: కనబడేదాని మీదే పడండి. శత్రువు పాము మీద ఉన్నాడు కాబట్టి యుద్ధమంతా పాము మీదే చేయాలి, గాజుపెట్టె జోలికి పోకూడదు. జోసెఫ్ కామిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ మైటు జీవితాన్ని ఓపిగ్గా పరిశీలించి 1953లో ఒక పుస్తకమే అచ్చువేశాడు. ఆయన లెక్కలో ఒక్క ఆడమైటు తన జీవితంలో 60 నుంచి 80 గుడ్లు పెడుతుంది. పెట్టేది పాము మీద కాదు. కడుపు నిండా రక్తం తాగి, కిందికి దిగి, చీకటిగా, తేమగా ఉన్న సందు వెతుక్కుంటుంది. అంటే బెరడు ముక్క పగుళ్ళు, పరుపుగా పోసిన కొబ్బరిపొట్టు, దాక్కునే డబ్బా అడుగు, పెట్టె మూలల్లో సిలికాన్ అతుకులు. అవన్నీ మీరు డబ్బు పెట్టి కొన్న సామాన్లు. ఆ పొట్టునంతా సంచిలో కట్టి పారేసి, ఖాళీ పెట్టెను మరిగే నీళ్ళతో కడిగి, కొన్నాళ్ళపాటు ఉట్టి పేపర్ టవల్ పరచమంటారు. తెల్ల కాగితం మీద నల్లచుక్క ఇట్టే దొరికిపోతుందట. యాభై డిగ్రీలు దాటిన వేడికి మైటు ఆగలేదన్నది నిజమే. కానీ ఆదివారం మధ్యాహ్నం పప్పన్నం తిన్నాక ఎవరు కడుగుతారు? పామును మాత్రం సింకులో సుబ్బరంగా స్నానం చేయించి, తిరిగి అదే పొట్టులో పడుకోబెట్టండి. స్నానంలో సగం మైట్లు మునిగి చస్తాయి. తెలివైన సగం నీటికి పైన ఉన్న తల మీదికి ఎక్కుతాయి. గుడ్లు పెట్టెలో క్షేమంగా ఉంటాయి.

నూనె దగ్గర అమ్మమ్మ సాయం తీసుకోవచ్చు. నాగులచవితికి పుట్టలో పాలు పోసిన చెయ్యి కాబట్టి ఆవిడకు పాము పరాయిది కాదు. ఎలుకల పాకెట్టు సంగతి తెలిసిన రోజున రెండు పూటలు కాఫీ కూడా ముట్టలేదు గానీ, పాము ఒళ్ళు దురదంటే మాత్రం కొబ్బరినూనె సీసా ఆవిడే తెచ్చింది. నూనె పట్టిస్తే ఒంటి మీది మైట్లు ఊపిరాడక చస్తాయన్నది అబద్ధం కాదు. అందుకే తోక నుంచి తల దాకా ధారాళంగా పట్టించి, వెంటనే పొట్టులో వదలండి. అరగంటలో పాము వడియంలా తయారవుతుంది.

మందుల విషయంలో మొహమాటం వద్దు. పామును డిజిటల్ త్రాసులో తూచి, బరువును బట్టి మోతాదు లెక్క కట్టడం డాక్టర్ల పద్ధతి. మనకు కూరగాయల బేరంలో అలవాటైన కంటి అంచనా చాలు. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ మిగిలి ఉంటే అదే ఇవ్వండి. ఇంట్లో తాబేలు కూడా ఉంటే దానికీ ఓ చుక్క. తాబేళ్ళకు ఐవర్‌మెక్టిన్ ప్రాణాంతకమని పశువైద్య గ్రంథాలు గట్టిగా రాస్తాయి. గ్రంథాలు చదివిన తాబేలును నేనింతవరకు చూడలేదు.

పెర్మెత్రిన్ స్ప్రేకు ఓ తంతు ఉంది. పామును వేరే డబ్బాలోకి మార్చాలి, నీళ్ళగిన్నె బయటికి తీసేయాలి, ఖాళీ పెట్టెలో కొట్టాలి, తడి పూర్తిగా ఆరి వాసన పోయేదాకా ఆగాలి, అప్పుడే పామును తిరిగి పెట్టాలి. దీన్ని తలకిందులు చేస్తే బోలెడు సమయం కలిసొస్తుంది. పాము లోపల ఉండగానే, గిన్నె నిండా నీళ్ళు ఉండగానే కొట్టి, గాలి పోకుండా మూత బిగించండి. అది దొరకకపోతే బొద్దింకల మందు, అదీ లేకపోతే ఫినాయిల్. సరీసృపాలకు ఫినాయిల్ విషమన్నది గిట్టనివాళ్ళ ప్రచారం. పాతకాలపు పెంపకందార్లు ఈగల కోసం వేలాడదీసే పట్టీని ముక్క కోసి పెట్టెలో పెట్టేవారు. అందులో ఉండేది డైక్లోర్వాస్, మన పల్లెల్లో నువాన్ అని పిలుచుకున్న మందు. 2020 ఆఖరు నుంచి మన దేశంలో దానికి నిషేధం. నిషేధించారంటేనే పనిచేస్తుందని కదా అర్థం.

ఈమధ్య ఇంకో వింత వచ్చింది. మట్టిలో బతుకుతూ ఇతర మైట్లను తినే మైట్లను డబ్బాల్లో అమ్ముతున్నారు. పామును అవి ముట్టుకోవట. కొనాలనిపిస్తే కొనండి, కానీ పెర్మెత్రిన్ కొట్టిన రోజే అదే పెట్టెలో వదలండి.

హైదరాబాద్‌లో ఉన్నవారికి అదనంగా ఒక సౌకర్యం. జెర్రిగొడ్డు వంటి మన పాముల్ని ఇంట్లో పెట్టుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతిని 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మీరు చేయించలేదు కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళే బెడద ఎలాగూ లేదు.

ఎవరికీ చెప్పకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మైట్లు మురికి ఇళ్ళలోనే పడతాయని లోకం అనుకుంటుంది. నిజానికి అవి సరీసృపాల మేళాలో పామును పట్టుకున్న చేతుల మీద, చొక్కా మీద, దుకాణంలో కొన్న పొట్టు సంచిలో, ఏ ఇంటికైనా వస్తాయి. అయినా పరువు పరువే. పక్కవీధి పిల్లవాడు తన కార్న్ స్నేక్‌ను తీసుకొస్తే రెండింటినీ కాసేపు ఆడుకోనివ్వండి. మీ ముంజేతి మీద ఎర్రటి దద్దుర్లు లేస్తే దోమలనండి. ఒక పాము నుంచి ఇంకో పాముకు రక్తాన్ని విషపూరితం చేసే బ్యాక్టీరియాను ఈ మైట్లు మోయగలవని అదే కామిన్ 1948లోనే చూపించాడు. బోవాలను చంపే ఒక వైరస్ జబ్బుతోనూ వీటి పేరు ముడిపడి ఉంది. ఇలాంటివి ప్రస్తావిస్తే స్నేహాలు చెడతాయి.

వైద్యం ఎన్నాళ్ళు? మొదటి శుభ్రమైన రోజు దాకా. వెచ్చటి పెట్టెలో గుడ్డు నుంచి పెద్దమైటు కావడానికి రెండు మూడు వారాలు చాలు. తిండి లేకుండా ఇంచుమించు అంతకాలం కాచుకోనూ గలవు. అందుకని డాక్టర్లు మందు మళ్ళీ మళ్ళీ వాడమంటారు, ఆఖరి చుక్క కనబడ్డాక కూడా వారాల తరబడి కాగితం మార్చుతూ చూస్తుండమంటారు. మీరు నాలుగో రోజునే పొట్టు పోసి, అలంకారాలన్నీ సర్దేయండి. విడిచిన కుబుసాన్ని సంచిలో మూటగట్టి బయట పారేయకుండా, పిల్లవాడి స్కూలు ప్రాజెక్టు కోసం అదే అరలో దాచండి.

ఇంత కష్టం తర్వాత పిల్లవాడికి బహుమతి ఇవ్వడం న్యాయం. మేళాకు వెళ్ళి, చవగ్గా వస్తున్న రెండో పామును తెచ్చేయండి. వేరే గదిలో రెండు మూడు నెలలు విడిగా ఉంచమంటారు, దాని పని పాత పాము పని అయ్యాకే చేయమంటారు. అంత గది ఎక్కడుంది? పాత పెట్టె పక్కనే కొత్త పెట్టె పెట్టండి. రెంటి మధ్య సందు మరీ ఎక్కువ ఉంచకండి, మైట్లకు రెక్కలు లేవు.