రేపొస్తామండి, ఆయ్

"రేపు పొద్దున్నే దిగిపోతామండి, ఆయ్."

ఇది ఇరవై మూడో రోజు. ఫోన్లో తాపీ మేస్త్రిగారి గొంతు ఎంత వినయంగా ఉంటుందంటే, తప్పేదో నేనే చేసినట్టు "పర్లేదులెండి" అనేస్తున్నాను. బజానా అయిదు వేలు పుచ్చుకుని, పెరటి ప్రహరీ మోకాలెత్తు లేపి మాయమయ్యాడు. జొన్నాడ ర్యాంపు నుంచి తోలించిన ఇసుక గుట్ట మీద వీధి కుక్క పిల్లల్ని పెట్టింది. నాలుగు బస్తాల సిమెంటు గడ్డకట్టి మా ఆవిడకి పీటలా అమరింది. దాని మీద కూర్చుని రోజూ ఒకటే ప్రశ్న: "కాయితం రాయించుకున్నారా?"

రాయించుకోలేదు. మన వైపు అయిదు వేలకి కాయితం అడిగితే, భోజనానికి పిలిచి విస్తరికి రసీదు రాయమన్నట్టు చూస్తారు.

ఉక్రోషం కొద్దీ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం తెరిచాను. చట్టం అమలు చేయించగల ఒప్పందమే కాంట్రాక్టు, మిగతావన్నీ కబుర్లు. ఇరుపక్షాలకీ అర్హత ఉండాలి, ఇష్టపడి ఒప్పుకోవాలి, ప్రతిఫలం ఉండాలి, పని చట్టవిరుద్ధం కాకూడదు. ఇదీ పదో సెక్షన్ సారం. భూమి అమ్మకంలాంటి వాటికి వేరే చట్టాలు రాత, రిజిస్ట్రేషను అడుగుతాయి గానీ, మామూలు పనులకి నోటి మాటా చెల్లుతుంది. విజయగర్వంతో ఈ ముక్క మా ఆవిడకి వినిపించాను.

"సాక్షి ఎవరు?" అంది.

ఇసుక మీది కుక్క.

గడువు చెప్పకపోతే సహేతుకమైన కాలంలో పని చెయ్యాలని 46వ సెక్షన్. మా మేస్త్రి గడువు చెప్పకపోయినా బతికిపోదును. చెప్పాడు, రేపని! అర్థం నిశ్చయంగా తేల్చలేని ఒప్పందం చెల్లదని 29వ సెక్షన్ అనేసరికి గుండె జారింది. "రేపు" కంటే తేలని మాట తెలుగులో ఇంకోటి ఉందా?

రేపంటే దెయ్యం గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు ఊళ్ళో తలుపుల నిండా "ఓ స్త్రీ రేపు రా" అని బొగ్గుతో రాశారు. రాత్రి దెయ్యం వచ్చి, అది చదువుకుని, రేపు రమ్మన్నారు కదా అని వెళ్ళిపోతుంది. మర్నాడూ అంతే. అప్పుడు దుప్పటి ముసుగులో వణికాను గానీ, ఇప్పుడు తల్చుకుంటే ఆ దెయ్యం మీద గౌరవం కలుగుతోంది. ఒకటి, చదువుకున్న దెయ్యం. మా పెదనాన్న "స్త్రీ"కి కింద వత్తులు తప్పు రాసినా సర్దుకుని చదువుకుంది. రెండు, చెప్పిన వేళకి వచ్చింది. ఈ ఒక్క గుణానికే తాపీ చేతికిచ్చి ప్రహరీ అప్పగించొచ్చు. మూడు, "నిన్నా ఇదే అన్నారు కదండీ" అని ఒక్కనాడూ తలుపు బాదలేదు.

సరే, ఆ దెయ్యం తరఫున వకాల్తా పుచ్చుకుందాం. తలుపు మీది రాత ప్రతిపాదన. చెయ్యమన్న పని చేసెయ్యడమే అంగీకారమని 8వ సెక్షన్. ఆవిడ రానే వచ్చింది. ప్రతిఫలమా? ఒక పని చెయ్యకుండా మానుకోవడం కూడా ప్రతిఫలమే. ఆ పూట ఎవరినీ పట్టుకోకుండా వెళ్ళింది. ఇక అర్హత. మైనారిటీ తీరాలి, మతి స్థిమితంగా ఉండాలి అంటుంది 11వ సెక్షన్. ప్రాణం కూడా ఉండాలని విడిగా రాయలేదు. ఆ అవసరం వస్తుందని 1872లో ఎవరూ అనుకుని ఉండరు.

భయంతో రాసిందానికి ఇష్టం ఎక్కడిదంటారా? నవ్వకండి. చావు పేరుతో భయపెట్టడం మీద 1917లో మద్రాసు హైకోర్టు నిజంగానే తీర్పు చెప్పింది. చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మల కేసు. ఇంటిపేరు మన వైపు వినేదే. ఓ పెద్దమనిషి చస్తానని బెదిరించి, భార్య చేతా కొడుకు చేతా తన తోడబుట్టినవాడికి ఆస్తి హక్కు వదులుకున్నట్టు రాయించాడు. అలా బెదిరించడం బలవంతమేనని ఇద్దరు జడ్జీలు, కాదని ఒకరు. మెజారిటీ మాటే నెగ్గింది.

నా కేసులో ఆ ఆధారమూ లేదు. టీ ఇచ్చి, కుర్చీ వేసి, నేనే డబ్బు చేతిలో పెట్టాను. దావా వేస్తే 73వ సెక్షన్ కింద నష్టపరిహారం రావచ్చు. ప్లీడరు ఫీజూ ఆటో ఛార్జీలూ కలిపితే ఈలోగా ఇంకో ప్రహరీ లేస్తుంది.

చట్టం మూసేద్దామనుకుంటూ 25వ సెక్షన్ దగ్గర ఆగిపోయాను. కాలదోషం పట్టిన బాకీ అయినా, తీరుస్తానని మళ్ళీ సంతకం పెట్టి రాసిస్తే ఆ మాట చెల్లుతుందట. మా నాన్న ర్యాలి తీసుకెళ్ళమని అడుగుతుండేవారు. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు విష్ణువు, వెనక మోహిని కదా. ఆ వెనక వైపు ఇంకోసారి చూడాలని ఆయన కోరిక. గౌతమి వంతెన దాటితే రావులపాలెం, ఆ పక్కనే ర్యాలి. "రేపు వెళ్దాం నాన్నా" అనేవాణ్ణి. ఆయన ఒక్కనాడూ కాయితం అడగలేదు. ఇప్పుడు రాసిద్దామంటే పుచ్చుకునే చెయ్యి లేదు.

అంచేత చదువరులకి నా మనవి: బజానా ఇచ్చేముందు పని, డబ్బు, తేదీ ఓ తెల్లకాయితం మీద రాసి సంతకం పెట్టించుకోండి. తేదీ దగ్గర "రేపు" అని మాత్రం రాయనివ్వకండి.