లిఫ్టు గోడ శాసనం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఆవరణలో పిల్లలు బంతి ఆడరాదు.
లిఫ్టులో కుక్కలను ఎక్కించరాదు.
మీరినచో రూ. 500 జరిమానా.
ఇట్లు, కార్యవర్గం.

అవతారిక

ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. బెజవాడలో మా అబ్బాయి ఫ్లాటుకు చేరాక పాఠం చెబుదామంటే మనిషి దొరకడు. మనవణ్ణి కూర్చోబెడితే "తాతయ్యా, ఒక్క నిమిషం" అని లేచి చీకటి పడ్డాక వస్తాడు. అలా నోరు తుప్పు పట్టిపోతున్న రోజుల్లో, మొన్న మే నెలలో, లిఫ్టు పక్క గోడ మీద పై కృతి వెలిసింది. ఏ4 కాగితం, కంప్యూటర్ అక్షరాలు, నాలుగు మూలలా జిగురు. చదవగానే ఇది వ్యాఖ్య లేకుండా జీర్ణమయ్యే రచన కాదని తెలిసిపోయింది.

వ్యాఖ్యాతలకు పెద్దదిక్కు మల్లినాథసూరి. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరు. కాళిదాసు చెయ్యి పట్టుకుని నడిచినవాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ వ్యాఖ్య మొదట్లోనే మాట ఇచ్చాడు. అందులో మొదటి మాట నేనూ ఇస్తున్నాను. రెండోది ఇవ్వలేను, బడిపంతుల్ని.

కృతికి కారణం: ఏడు పెంకులాటలో మా మనవడు విసిరిన బంతి కార్యదర్శిగారి కారు పక్కద్దానికి తగలడం. ఉద్దీపనం: అదే సాయంత్రం లిఫ్టులో మా కుక్క ఆయన ఇస్త్రీ పంచెను వాసన చూడటం. అద్దం పగల్లేదు, పంచె చిరగలేదు. అయినా కావ్యం పుట్టింది.

ఛందస్సు, రసం

వచనమే గాని మొదటి రెండు పాదాల చివరా "రాదు" పడి అంత్యప్రాస కుదిరింది. యతి లేదు. మతి సంగతి ముందు ముందు చూద్దాం. రసం రౌద్రం. మూడో పాదంలో రూపాయల గుర్తు రాగానే భయానకంలోకి తిరుగుతుంది.

ప్రతిపదార్థం

ఆవరణలో = గోడకూ గోడకూ నడుమ, కార్లు పోగా మిగిలిన చోట; పిల్లలు = పద్నాలుగేళ్ళ లోపువారు (కార్యదర్శిగారి అబ్బాయి ఇక్కడే షటిల్ ఆడతాడు గాని అతనికి పంతొమ్మిది); బంతి = గుండ్రంగా ఉండి ఎగిరేది; ఆడరాదు = ఆడకూడదు; లిఫ్టులో = పైకి తీసుకుపోయే పెట్టెలో; కుక్కలను = శునకములను; ఎక్కించరాదు = ఎక్కనివ్వకూడదు; మీరినచో = పట్టుబడినచో.

విశేషాలు

ఆవరణ. నిఘంటువు తీస్తే కప్పేది, మూసేది అని ఉంటుంది. కవి ఎరిగి వేశాడో ఎరగక వేశాడో గాని పదం సార్థకం. నలభై ఫ్లాట్లు, నలభై ఆరు కార్లు. ఫ్లాట్లు అమ్మేటప్పుడు చూపించిన రంగుల బొమ్మలో పిల్లల ఆటస్థలం పచ్చగా ఉండేదట. ఇప్పుడక్కడ జనరేటర్ ఉంది. కరెంటు పోయినప్పుడు అదొక్కతే ఆడుతుంది.

బంతి. ఈ కృతికి గుండెకాయ ఈ పదమే. పిల్లలు అసలు ఏ ఆటా ఆడకూడదన్నదే కవి హృదయమని మొదటి అంతస్తు మామ్మగారి పూర్వపక్షం. అది నిలవదు. పిల్లలు ఆడరాదంటే సరిపోయేదానికి నడుమ "బంతి" ఎందుకు వేసినట్టు? వేసిన పదానికి పని ఉండాలి. వ్యర్థపదం వేసేటంత తక్కువవాడు కాడు మన కవి. కనుక బంతి లేని ఆటలకు నిషేధం లేదని సిద్ధాంతం. ఈ సంగతి మా మనవడి చెవిన వేశాను. వాడు చదివేది అయిదో క్లాసే గాని మీమాంసలో మహా చురుకు.

మర్నాటి సాయంత్రానికి కార్ల నడుమ సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు పడ్డాయి. టైల్స్ పని జరిగిన ఫ్లాటు ముందు దొరికిన ముక్క బిళ్ళ అయింది. ఒంటికాలి మీద కుంటుతూ గీత తొక్కకుండా బిళ్ళను తన్నుకుపోవాలి. ఖర్చు రూపాయి కూడా లేదు. మెట్ల దగ్గర నేలాబండా. మెట్టు బండ, కింద నేల. దొంగ నేల కోరుకుంటే నేల మీద కాలు పెట్టినవాడు దొరికిపోతాడు. బిళ్ళంగోడు మాత్రం నేను నేర్పలేదు. తెలంగాణలో దాన్నే చిర్రగోనె అంటారు. ఏ పేరుతో పిలిచినా లేచిన బిళ్ళ చూసుకోకుండా తగులుతుంది, నా ఎడమ కనుబొమ్మ మీద గాటుంది. ఇరుకు చోట అది వద్దు. కోతికొమ్మచ్చికి చెట్టు కావాలి. మా గేటు పక్కనున్నవి నిటారు అశోకాలు, కాకి కూడా ఆలోచించి వాలుతుంది. ఆ ఆట పేరునే ముళ్ళపూడి వెంకటరమణ తన జీవితకథకు పెట్టుకున్నారు. కొమ్మ మీంచి కొమ్మకు దూకే కథనానికి అంతకన్నా ఏం పేరు పెడతారు!

ఇక్కడ పిల్లల రాజ్యాంగం కొంత చెప్పాలి. ఆట మొదలయ్యే ముందు పంటలు వేస్తారు. ముగ్గురు ఒక్కసారి చేతులు చాపితే, ఇద్దరి అరచేతులు కిందికీ ఒకరిది పైకీ ఉంటే ఆ ఒక్కరూ పండు, అంటే బయటపడ్డట్టే. అలా ఒక్కొక్కరే పండిపోగా చివరికి మిగిలినవాడు దొంగ. దొంగతనం ఇక్కడ నేరం కాదు, పదవి. ఇంకొకణ్ణి పట్టుకోగానే దిగిపోతాడు. మా కార్యవర్గం నాలుగేళ్ళుగా మారలేదు. తగాదా ముదిరితే "తూచ్" అంటారు. తూచ్ = అవ్యయం; లింగ వచన విభక్తులు లేనిది; పలికిన క్షణంలో అంతకు ముందు జరిగినదంతా జరగనట్టే. కోర్టుల్లో ఇంత పదునైన మాట లేదు.

ఆడితే ఏమొస్తుందని అడిగే తండ్రులకు: 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒగర్చేలా ఒళ్ళు కదపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పగటి వెలుతురులో బయట గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి ముప్పు తగ్గుతుందని కంటి డాక్టర్ల మాట. దగ్గరిది మాత్రమే కనబడి దూరానిది కనబడకపోవడం హ్రస్వదృష్టి. కార్యవర్గాలకు వచ్చేదానికి వేరే పేరుందేమో తెలుసుకోవాలి.

కుక్కలను. మా భవనంలో ఉన్నది ఒకే ఒక్క కుక్క, అది మాదే. అయినా బహువచనం పడింది. ఇది గౌరవ బహువచనమని నా నిర్ణయం. సదరు కుక్కగారి పేరు బూరె. జాతి, ఊరకుక్క. వానాకాలంలో కొబ్బరిబొండాల బండి కింద తడుస్తూ దొరికింది. నూనెలోంచి అప్పుడే తీసిన రంగు.

కుక్కను పెంచడం కూడా వ్యాఖ్యానం లాంటిదే, ముందు మూలం సరిగ్గా చదవాలి. మూడో నెలలో రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటేటా. (టీకా అనే మాటకు రెండర్థాలుండటం తెలుగు చేసుకున్న పుణ్యం. ఒకటి పద్యానికి, ఒకటి కుక్కకు. రెండూ వేయించాల్సినవే.) కరిచినా గోరు గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పసుపు, కారం అద్దకూడదు. ఇది మాత్రం హాస్యం కాదు.

మా ఆవిడ మొదట్లో మిగిలిన ఉల్లి పెసరట్టు దానికి పెట్టేది. పశువుల డాక్టరు నాలుగు చీవాట్లు వేశాడు. ఉల్లిపాయ కుక్క రక్తంలో ఎర్రకణాలను పగలగొడుతుందట. ద్రాక్ష, చాక్లెట్ కూడా విషమే. ఇప్పుడు దానికి విడిగా ఉల్లి లేని పెసరట్టు పడుతోంది. నాకు పడే దాంట్లో ఉల్లి తగ్గింది, కారణం అడగలేదు.

రోహిణీ కార్తెలో దాన్ని తెల్లవారుజామునా, పొద్దుగూకాకా తప్ప బయటికి తీయం. ఎండలో నడిపించాలనుకునేవారు ముందు తమ చేతి వెనక భాగాన్ని సిమెంటుకు ఏడు సెకన్లు ఆనించి చూడాలి. మనకు ఆగనిది దాని పాదానికీ ఆగదు. మనలా ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడే వీలు దానికి లేదు, నాలుక చాపి రొప్పడమే గతి.

పిల్లి ప్రస్తావన మూలంలో లేదు, కనుక రెండో అంతస్తు పిల్లి లిఫ్టులో నిరభ్యంతరంగా తిరగవచ్చు. అది మెట్లే వాడుతుంది, ఎవరి మాటా వినే అలవాటు లేదు. రామచిలక ప్రస్తావనా లేదు గాని ఇక్కడ మూలం కన్నా పెద్ద శాసనం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చిలకను పంజరంలో పెట్టడం నేరం. జోస్యం చెప్పే చిలక తన యజమాని జాతకంలో ఆ సంగతి ఎందుకు చెప్పదో!

లిఫ్టులో. పైకి తీసుకుపోయే వాహనంలో కుక్క ఎక్కరాదని మొట్టమొదట అన్నవాడు ఇంద్రుడు. మహాప్రస్థానంలో రథం తెచ్చి ధర్మరాజును ఎక్కమన్నాడు, వెంట వచ్చిన కుక్కను వదిలెయ్యమన్నాడు. అయితే నేనూ రానన్నాడు ధర్మరాజు. ఈ తగాదాకు ఇప్పుడు శాస్త్రప్రమాణం కూడా ఉంది. నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టడంతో కదిలిన వ్యవహారం 1960లో జంతుహింస నివారణ చట్టంగా తేలింది. దాని కింద 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. ఆ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నివాసుల సంఘాలు పెంపుడు కుక్కను లిఫ్టెక్కకుండా ఆపకూడదు, ఎక్కినందుకు డబ్బు అడగకూడదు. చేతులెత్తించి మెజారిటీ తెచ్చినా సరే. పట్టీ లేకుండా వదలడం, మూల తడిపితే కడక్కుండా పోవడం మాత్రం మన తప్పే. సీసాలో నీళ్ళూ పాత పేపరూ నా చేతిసంచీలో ఎప్పుడూ ఉంటాయి.

ఈ పాదం మీద ఇంకో మాట. ధర్మరాజు కుక్క అందరికీ తెలుసు. భారతం మొదట్లోనే ఉన్న కుక్కపిల్లను ఎవరూ తలుచుకోరు. ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తుంటాడు. దేవతల కుక్క సరమ కొడుకు సారమేయుడు అక్కడికి వస్తాడు. ఎందుకు వచ్చాడంటారు? నన్నయ కారణం చెప్పాడు, ఆడుకోవడానికి. హవిస్సు ముట్టలేదు, ఎవర్నీ కరవలేదు. అయినా రాజుగారి తమ్ముళ్ళు ముగ్గురూ కలిసి కొట్టారు. పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. సరమ రాజు ఎదటికి వచ్చి, తగునో తగదో చూసుకోకుండా దుర్బలులకు కీడు చేస్తే ఎటునుంచో తెలియని భయాలు వచ్చి పడతాయని చెప్పి వెళ్ళిపోయింది. అంతటి చక్రవర్తీ హడలిపోయి శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు. ఆవరణ, ఆట, కుక్కపిల్ల, కార్యవర్గం, అన్నీ ఉన్నాయి. జరిమానా ఎవరిమీద పడిందన్నదే తేడా.

మీరినచో. ఆదివారం సాయంత్రం శాసనోల్లంఘనం జరిగిందో లేదో నిర్ణయించడం కష్టం. పిల్లలు ఏడు పెంకులు పేర్చారు. అడుగున గ్రానైటు పలక, పైన బొటనవేలంత టైలు ముక్క. బంతి నిషిద్ధం కదా, మా అబ్బాయి పాత సాక్సులో గుడ్డపీలికలు కుక్కి ముడివేశారు. అది గుండ్రంగా లేదు, ఎగరదు, కాబట్టి నా ప్రతిపదార్థం ప్రకారం బంతి కాదు. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె మూడో దెబ్బకు పెంకులు పడగొట్టింది. అవతలి జట్టు సాక్సు అందుకునేలోపు నా చేతిలో పట్టీ జారింది. బూరె సాక్సు నోట కరుచుకుని కార్ల కింద దూరింది. ఇవతలి జట్టు తాపీగా పెంకులన్నీ పేర్చేసింది. అవతలివాళ్ళు ఒప్పుకోలేదు. ఒకడు తూచ్ అన్నాడు, ఇంకొకడు కుక్క మీ జట్టేనన్నాడు. ఇంచుమించు కురుక్షేత్రం.

పెంకులు పడగొట్టిన పిల్లే తీర్పు చెప్పింది. "బూరె అరటిపండు."

అరటిపండు = ఆటలో ఉండీ లెక్కలో లేనిది; పరుగెత్తవచ్చు, పట్టుకోవచ్చు, పట్టుబడినా దొంగ కానక్కర్లేదు. అక్క వెంట వచ్చి ఏడ్చే నాలుగేళ్ళ తమ్ముడికి పిల్లలిచ్చే హోదా ఇది. వాణ్ణి పొమ్మనరు, వాడి వల్ల ఎవరూ ఓడిపోరు. పొమ్మనకుండా ఆట చెడకుండా చూసే ఇలాంటి నిబంధన మా సంఘం బైలాలో ఎక్కడుందా అని పదహారు పేజీలూ తిరగేశాను.

ఆ సమయానికి కృతికర్త కూరల సంచీతో వచ్చారు. పిల్లలు బిగుసుకుపోయారు. సాక్సుతో సహా కారు కిందినుంచి బూరె బయటికి వచ్చి తోక ఊపింది. ఆయన సాక్సు కేసి చూశారు, పెంకుల కేసి చూశారు. "గ్రానైటు ముక్క అడుక్కి బాగానే పెట్టారు గాని రెండోది సన్నగా ఉంది, నిలవదు" అనేసి లిఫ్టెక్కి వెళ్ళిపోయారు. జరిమానా మాట ఎత్తలేదు. ఈ ఘట్టంలో రసం ఏదో నాకు తేలలేదు.

పాఠాంతరం

బుధవారం ఉదయానికి మూలప్రతిలో రెండక్షరాలు లుప్తమయ్యాయి. మొదటి పాదం చివర "దు", రెండో పాదం చివర "దు" ఎవరో బిళ్ళ అంచుతో గీకేశారు. ఇప్పుడు కృతి ఇలా నడుస్తోంది: ఆవరణలో పిల్లలు బంతి ఆడరా. లిఫ్టులో కుక్కలను ఎక్కించరా. అన్వయానికి కర్త కాస్త మొరాయిస్తుంది గాని పాఠం మూలం కన్నా సుగమం. రౌద్రం పోయి వాత్సల్యం వచ్చింది. మూడో పాదం ఏ విధినిషేధాలకూ అంటక వేలాడుతోంది.

ఈ పాఠం ఎవరు దిద్దారని కార్యవర్గం విచారిస్తోంది. ఆధారం లేనిది రాయనని మొదట్లోనే మాట ఇచ్చాను కాబట్టి నేను పేరు చెప్పలేను. కాగితం అంటించిన ఎత్తు మాత్రం టేపు పెట్టి కొలిచాను. అయిదడుగుల ఎనిమిదంగుళాలు. మా మనవడికి అందదు. మా ఆవిడకూ అందదు.