ప్రభావాల ప్రవర

గిటారు కొన్న నెలా రెండు నెలలకు గానీ వేళ్ల కొసలు కాయలు కాయవు. ప్రవర మాత్రం మొదటి వారంలోనే వచ్చేస్తుంది. పెళ్లిపీటల మీద పురోహితుడు గోత్రాన్నీ ఋషులనూ వల్లించినట్టు, మన ఔత్సాహిక సంగీతకారుడు పాటకు ముందు తన మీద ప్రభావం చూపిన మహానుభావుల్ని వల్లిస్తాడు. పెళ్లిలో ఒక సౌకర్యం ఉంది. ఆ ఋషుల్ని ఎవరూ చూసి ఉండరు కాబట్టి, పెళ్లికొడుకు ముక్కు వాళ్ల ముక్కులా ఉందా లేదా అని ఎవరూ తగువుకు రారు. పాటకు ఆ సౌకర్యం లేదు. ప్రవర ముగిసిన మరుక్షణం పాట మొదలవుతుంది, పింక్ ఫ్లాయిడ్ ఎలా ఉంటుందో విన్నవాళ్లు ఎదురుగానే కూర్చుని ఉంటారు.

ఈ ప్రవరకు పద్ధతి ఉంది. పాశ్చాత్య రాక్ బృందం ఒకటి తప్పనిసరి, అది కూడా నాన్నగారి వయసుది అయితే మంచిది. ఇళయరాజా పేరు లేని జాబితా దక్షిణాదిలో చెల్లదు. త్యాగయ్యగారి పేరు ముందువరసలో కూర్చున్న పెద్దమ్మ కోసం. చివర్న ఐస్‌లాండులోనో నార్వేలోనో ఉండే, హాల్లో ఎవరూ వినని బృందం ఒకటి. అసలు కిటుకంతా ఇందులోనే ఉంది, దానితో పోల్చి చూడడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. ఇక కోటి, మణిశర్మ, చక్రి, దేవిశ్రీ ప్రసాద్ ఈ జాబితాలో ఛస్తే కనబడరు. కుర్రాడు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆర్టీసీ బస్సుల్లో, వినాయక చవితి పందిళ్లలో, మేనత్త పెళ్లిలో విన్నది వాళ్లనే. ఒంటబట్టినవాళ్లను దాచి, ఒంటికి తగలనివాళ్లను చెప్పుకోవడం ఈ ప్రవర ప్రత్యేకత.

మాదాపూర్ కాఫీ షాపుల్లో శనివారం సాయంత్రం పూట ఈ తంతును దగ్గర్నుంచి చూడొచ్చు. మొన్నామధ్య ఒక కుర్రాడు ఎత్తు స్టూలెక్కి, గిటారు ఒళ్లో పెట్టుకుని, మైకును పెదవులకు ఆనించి, తన పాట జాజ్‌కీ కర్ణాటక సంగీతానికీ మధ్య సంభాషణ అని ప్రకటించాడు. వెనకాల కాఫీ యంత్రం బుస్సుమంది. అబ్బాయి శ్రుతి పెంచే కేపోను రెండో ఫ్రెట్ మీద బిగించి కార్డులు అందుకున్నాడు. జి, ఈ మైనర్, సి, డి. మళ్లీ జి, ఈ మైనర్, సి, డి. చరణంలోనైనా ఏదో ఒకటి మారుతుందని కొందరం ఆశపడ్డాం. చరణం వచ్చింది, తనతోపాటు ఆ నలుగురినే తీసుకొచ్చింది. సాహిత్యంలో నింగి, నేల, మౌనం, గాయం హాజరు వేయించుకున్నాయి. ‘గాయం’లో దీర్ఘం మింగేసి ‘గయం’ అన్నాడు, ‘నువ్వు’లో ఒత్తు గాలికి పోయింది. సంభాషణ అన్నాడు గానీ జాజ్ నోరు విప్పలేదు, కర్ణాటకం అసలు రానే లేదు. చప్పట్లు మాత్రం బాగా పడ్డాయి. అందరూ స్నేహితులే, తర్వాతి వంతు వాళ్లది.

ఆ పాట ఎవరి ప్రభావంతో పుట్టిందో చెప్పడానికి సంగీత విద్వాంసుడు అక్కర్లేదు. ఎఫ్ కార్డు పట్టాలంటే మామూలుగా చూపుడువేలితో తీగల్ని అడ్డంగా, ఒక్కసారిగా అదమాలి. బి మైనర్‌కీ అదే శిక్ష. కొత్తలో వేలు సలుపుతుంది, తీగ టప్‌టప్‌మంటుంది తప్ప పలకదు. దాంతో ఆ రెండు కార్డుల్నీ మర్యాదగా పక్కన పెట్టి, తేలిగ్గా అందే నాలుగింటితో కాలక్షేపం చేస్తారు. శ్రుతి చాలకపోతే కేపో ఉండనే ఉంది. అంచేత మన స్వరకర్త మీద అత్యంత గాఢమైన ప్రభావం అతని చూపుడువేలిది. కీబోర్డు వాళ్ల సంగతీ అంతే. నల్లమెట్ల జోలికి పోకుండా ఉన్నదంతా సి మేజర్‌లోనే వాయించి, గాయకుడి శ్రుతి వేరే అయితే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కుతారు. తాళం సంగతి ఆ పెట్టెలో కంపెనీవాడు ముందే నింపి పంపిన తాళాల మొదటి పేజీ చూసుకుంటుంది. ఇంత చేసి, అడిగితే మాత్రం ‘మినిమలిజం’ అంటారు.

ఫ్యూజన్ వాళ్ల గురించి ఒక్క మాట. గిటారు నేర్చుకునేవాడికి మొదట్లోనే చేతికిచ్చే అయిదు స్వరాల మెట్ల వరుస ఒకటి ఉంది, మైనర్ పెంటటోనిక్ అంటారు. ఆ స్వరస్థానాలే మన శుద్ధ ధన్యాసివి. ఈ సంగతి తెలిసిన రాత్రి కుర్రాడికి నిద్ర పట్టదు. తెల్లారేసరికి బ్లూస్‌నీ కర్ణాటకాన్నీ కలిపినవాడైపోతాడు. గమకం ఏదయ్యా అంటే తీగను కాస్త పక్కకి లాగి చూపిస్తాడు. స్వరస్థానాలు కలిస్తే రాగం అయిపోదని చెప్పడానికి పక్కవీధిలో పిల్లలకు వర్ణాలు చెప్పే టీచరమ్మ చాలు. ఆవిడ్ని ఎవరడుగుతారు?

ఆదర్శంగా ఇళయరాజాను చూపిస్తారు, నిజమే. ఆయన 1986లో ‘హౌ టు నేమ్ ఇట్?’ ఆల్బమ్‌ను త్యాగరాజుకూ బాక్‌కూ అంకితమిచ్చాడు. కానీ అంతకు ముందు అన్న వరదరాజన్ బృందంతో ఊళ్లు పట్టుకుని తిరిగి పాడాడు, మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర కూర్చుని పాశ్చాత్య సంగీతం రాయడం, చదవడం నేర్చుకున్నాడు. బాక్ ఆయన ఇంటికి అలా వచ్చాడు. మనవాళ్ల ఇళ్లకు బాక్ ప్లేలిస్టులో వస్తాడు, రెండు నిమిషాలు వినపడగానే పక్కకు తోసేస్తారు, పేరు మాత్రం ప్రవరలో ఉండిపోతుంది.

ఎవరి ప్రభావమూ లేకుండా ఆకాశంలోంచి ఊడిపడమని ఎవరూ అడగడం లేదు. ముత్తుస్వామి దీక్షితుల కుటుంబం మణలిలో ఉన్న రోజుల్లో మద్రాసు కోటలో ఇంగ్లీషు బ్యాండు వాయిస్తుంటే విన్నారు. విని ఊరుకోలేదు. తమ్ముడు బాలుస్వామి ఫిడేలు పట్టి నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తీసుకొచ్చాడు. దీక్షితులవారు ఆ బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టారు. నలభై దాకా ఉన్న ఆ నొట్టుస్వరాల్లో ‘సంతతం పాహిమాం’ సాక్షాత్తూ ఇంగ్లీషు రాజుగారి జాతీయగీతం బాణీ. అలాగని కమలాంబా నవావరణ కీర్తనలకు ముందు ‘నా మీద ఈస్టిండియా కంపెనీ బ్యాండు ప్రభావం ఉంది’ అని ఆయన సభలో ప్రవర చెప్పిన దాఖలా లేదు. సాలూరి రాజేశ్వరరావు కలకత్తా వెళ్లి సైగల్ దగ్గర చేరాడు. ఆయన లలితగీతాల్లో వంగదేశపు గాలి వినపడుతుంది, చెవి ఉన్నవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రవర అవసరం వచ్చేది ఏమీ వినపడనప్పుడే.

చెప్పిన ప్రభావం ఒకటి, పట్టుబడిన ప్రభావం ఇంకొకటి అయిన కేసు కోర్టుదాకా వెళ్లింది కూడా. జార్జ్ హారిసన్ 1970లో ‘మై స్వీట్ లార్డ్’ విడుదల చేశాడు. దానికి ప్రేరణ ‘ఓ హ్యాపీ డే’ అనే భక్తిగీతం అన్నాడు. న్యూయార్కు కోర్టు 1976లో కాదంది. ఆ బాణీ షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం 1963లో పాడిన ‘హీజ్ సో ఫైన్’ది, తెలిసి కాకపోయినా మనసు లోపలి పొరల్లోంచి వచ్చేసిందని తీర్పిచ్చింది. తీర్పిచ్చిన జడ్జిగారు ఒపేరాలకు స్వరాలు కట్టే మనిషి, ఆ పప్పులు ఆయన దగ్గర ఉడకలేదు. ప్రవరలో చెప్పుకున్నది భక్తి, చేతిలోకి దిగింది రేడియోలో మోగిన ప్రేమపాట. బీటిల్స్‌లో ఒకడికే తన చేతిలోకి ఏది దిగిందో తెలియనప్పుడు, మాదాపూర్ కుర్రాడు అంత ధీమాగా అయిదుగురు ఋషుల పేర్లు ఎలా చెబుతున్నాడో అర్థం కాదు. అన్నట్టు, అదే బీటిల్స్ 1963 నాటి మొదటి ఆల్బమ్‌లో పద్నాలుగు పాటలుంటే ఆరు ఇతరులవి. అంతకు ముందు హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు గంటల తరబడి ఊళ్లోవాళ్ల పాటలన్నీ వాయించి వచ్చినవాళ్లే. వాళ్లకు ప్రభావం పాటల రూపంలో ఉంది, కాబట్టి జాబితా రాయాల్సిన పని పడలేదు.

ఈ లెక్కన నాకు జూనియర్ ఘంటసాలల మీదే గౌరవం ఎక్కువ. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఫిబ్రవరి నెలలో వాళ్ల హడావుడి చూడాలి. తెల్ల పంచె, జుబ్బా, చేతిలో డైరీ, వెనకాల కరోకే. మాస్టారు పాటలో ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడే వీళ్లూ తీసుకుంటారు. చివరి రోజుల భగవద్గీతలో ఆయన గొంతులో వినపడే అలసటను కూడా వదలరు, నిక్షేపంలాంటి గొంతుతో అలిసిపోతారు. నవ్వొస్తుంది, కాదనను. కానీ ఎవరికి బాకీ ఉన్నారో ఆ మనిషి పేరు ఫ్లెక్సీ మీదే వేయించుకున్నారు, ఫోటోతో సహా. దాచిపెట్టింది ఏమీ లేదు. వాళ్లు అనుకరించే ఆ మాస్టారు విజయనగరంలో జోలె కట్టుకుని మధుకరం ఎత్తుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం నేర్చుకున్నాడు. ఇప్పుడు మధుకరం ఎవరూ ఎత్తనక్కర్లేదు, స్విగ్గీ ఉంది. గురువుగారి పేరు చెప్పడానికి ఏం అడ్డొచ్చిందని?

అసలు నా అభ్యంతరం ఇక్కడే. ఈ కుర్రాళ్లందరికీ ఎవరో ఒకరు నేర్పారు. అమీర్‌పేటలో మూడో అంతస్తులో, కింద మెడికల్ షాపు, పైన గిటారు క్లాసు. ఆ సారే మొదటిసారి వేళ్లు పట్టుకుని జి కార్డు మీద పెట్టాడు, ఫీజు ఆలస్యమైతే ఊరుకున్నాడు, తీగ తెగితే తన దగ్గరున్నది వేశాడు. కుర్రాడు ఇవాళ్టికీ గిటారు గీకే తీరు అచ్చం ఆ సారుదే, కుడి మణికట్టు బిగబట్టడంతో సహా. జాబితాలో సారు లేడు. బాలసుబ్రహ్మణ్యం తనతో 1966లో మొదటి సినిమా పాట పాడించిన కోదండపాణి పేరునే తన రికార్డింగ్ థియేటర్‌కు పెట్టుకున్నాడు. మహమ్మద్ రఫీ అంటే ఆయనకు ప్రాణం, అయినా బోర్డు మీదకు ఎక్కింది కోదండపాణి. అమీర్‌పేట సారు పేరు పెట్టడానికి థియేటర్లు కట్టక్కర్లేదు, స్టూలు మీద కూర్చున్నాక ఒక్క వాక్యం చాలు. కాకపోతే ఆ వాక్యానికి ఐస్‌లాండు బృందానికి ఉన్న సొగసు ఉండదు.

రాజమండ్రి దగ్గర ఒక పెళ్లిలో, ఆర్కెస్ట్రా భోజన విరామంలో, కీబోర్డు వాయించే ఆయన పక్కన కూర్చున్నాను. పాటకు తగ్గట్టు కార్డులు మారుస్తున్న తీరు చూసి ఉండబట్టలేక, మీ మీద ఎవరి ప్రభావం ఎక్కువండీ అని అడిగాను.

“ప్రభావమాండీ?” అని గారె తుంచుతూ ఆలోచించాడు. “మా పాస్టరు గారేనండి. ఆదివారం ఆరాధనలో ఏ పాట ఎత్తుకుంటారో, ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో ఆయనకే తెలీదండి. ఆయన వెనకాల పరిగెట్టీ పరిగెట్టీ వచ్చేసిందండి, ఆయ్. మిగతాది మా ఓనరు గారి తిట్లండి.”

ఇంకేదో అడగబోతుండగా స్టేజీ మీంచి కేకేశారు. పెళ్లికూతురు మేనమామ ‘శివశంకరీ’ పాడతారట. శ్రుతి ఎంత అంటే, మామూలుగా పాడేదే అన్నారట. కీబోర్డాయన విస్తరి మడిచి, చెయ్యి కడుక్కుని పరిగెత్తాడు. మేనమామ మొదటి మాట సాగదీస్తుండగానే శ్రుతి దొరకబుచ్చుకున్నాడు. రెండో వాక్యంలో మేనమామ కిందికి జారిపోయాడు. ఈయనా వెంటే దిగాడు, ట్రాన్స్‌పోజ్ మీట ముట్టుకోకుండా.