హెచ్‌పీ మహాత్మ్యం

బెంచ్ గ్రైండర్ కొనడానికి హార్డ్‌వేర్ దుకాణానికి పోయిన మా డోన్ మగవాడు అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత హెచ్‌పీ?" రెండో ప్రశ్న ఉండదు. 'అర' అని జవాబొస్తే పక్కకు నెడతాడు. 'ఒకటి' అంటే చేత్తో ఎత్తి చూస్తాడు. బరువుంటే తలాడిస్తాడు. స్విచ్ వేయించి చప్పుడు వింటాడు. చప్పుడు గట్టిగా వస్తే జేబులో చెయ్యి పెడతాడు. పుచ్చకాయ కొనేటప్పుడు ఇంతకన్నా ఎక్కువ పరీక్ష చేస్తాం.

ఊరు చూస్తే తక్కువదేం కాదు. పాతపేరు ద్రోణాచలం, విలువిద్య గురువు పేరు మోసిన రైల్వే జంక్షన్. నంద్యాల వైపు రైలెక్కితే బేతంచెర్ల. అక్కడ బండలు కోసి నున్నగా పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు. నంద్యాల దాటిపోతే ఆళ్లగడ్డ. అక్కడ రాతిలోంచి దేవుళ్లను బయటికి తీసే శిల్పులు, వాళ్ల పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లాను చీల్చినప్పుడు ఈ మూడూ నంద్యాల జిల్లా వాటాకు వచ్చాయి. కోయడం, అరగదీయడం, పదును పెట్టడం తెలిసిన జనం ఇంతమంది ఉన్న జిల్లాలో గ్రైండర్‌ను అట్టపెట్టె మీది అంకె చూసి కొంటున్నారు.

సరే, ఆ అంకె సంగతే చూద్దాం. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. అది మోటరు తన ఇరుసు మీద బయటికి ఇవ్వాల్సిన బలం. పెట్టె ముందువైపు ఎర్రటి అక్షరాల్లో '1 హెచ్‌పీ, హెవీ డ్యూటీ, ప్రొఫెషనల్' అని ఉంటుంది. తిప్పి వెనకవైపు చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో '250 వాట్లు' అని ఉంటుంది. అంటే లోపలికి తీసుకునేది 250, బయటికి ఇచ్చేది 746. మిగిలిన 496 వాట్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆ కంపెనీ చెబితే ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రాన్ని రేపే మూసేయొచ్చు, బొగ్గు ఖర్చు మిగులుతుంది. మోటరు ఒక్క వాటు కూడా పోగొట్టకుండా పనిచేసినా 250 వాట్లకు వచ్చేది హెచ్‌పీలో మూడోవంతు. చిన్న సింగిల్ ఫేజ్ మోటర్లు అంత పుణ్యాత్ములు కావు, వేడికీ రొదకీ చాలానే దానం చేస్తాయి.

ఇలా నిలదీస్తే దుకాణంలో ఒక కొత్త మంత్రం వినిపిస్తుంది: 'పీక్ హెచ్‌పీ అన్నా అది'. స్విచ్ వేసిన క్షణంలోనో, రాయి బిగుసుకుపోయి మోటరు చచ్చే ముందో రెప్పపాటు లాగిన కరెంటును లెక్కగట్టి పెట్టిన పేరది. ఆ బలంతో ఒక మేకు మొన కూడా అరగదు.

ఆ చిన్న అక్షరాల్లోనే ఇంకో రహస్యం ఉంటుంది: 'ఎస్2, 30 నిమిషాలు'. అరగంట తిరిగాక ఆపి చల్లారనివ్వాలని తయారుచేసినవాడే ఒప్పుకుంటున్నాడు. ముందు హెవీ డ్యూటీ, వెనక అరగంట డ్యూటీ. అరగంట పనిచేసి దాన్ని హెవీ అనే ధైర్యం ఆఫీసుల్లో కూడా నేనెక్కడా చూడలేదు.

వేగం గురించి చెప్పే కోతలు ఇంకా ముచ్చటగా ఉంటాయి. మన కరెంటు 50 సైకిళ్లది. దాని మీద రెండు పోళ్ల ఇండక్షన్ మోటరు నిమిషానికి 3000 చుట్లు దాటలేదు, జారుడు పోను 2800కూ 2900కూ మధ్య తిరుగుతుంది. పెట్టె మీద 3450 అని ఉంటే, 60 సైకిళ్ల కరెంటు వాడే అమెరికా పెట్టెను చూసి రాశారన్నమాట. 'ఈ మోడల్ స్పీడెక్కువ ప్పా' అని అమ్మేవాడు అంటాడు, కొనేవాడు మురిసిపోతాడు. 'నూటికి నూరు శాతం కాపర్' అనేది మాత్రం అబద్ధమే కానక్కర్లేదు. రాగి చుట్టిన మోటరు అల్యూమినియం చుట్టినదానికన్నా మేలే. లోపల రాగి ఉంది కాబట్టి బయట రాయి ఊగకుండా తిరుగుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు.

అయ్యా, ఇనుమును కోసేది మోటరు కాదు, రాయి. మోటరు దాన్ని తిప్పుతుంది, అంతే. ఆ రాయి గురించి దుకాణంలో ఎవరూ నోరెత్తరు. రాయికి అంటించిన గుండ్రటి కాగితం మీద 'ఏ 60 కె 5 వి' లాంటి గుర్తు ఉంటుంది. దాన్ని చదివితే పెట్టె మొత్తం చదివినట్టే. 'ఏ' అంటే అల్యూమినియం ఆక్సైడ్, ఉక్కు పనికి. ఆ చోట 'సి' ఉంటే సిలికాన్ కార్బైడ్. 60 అనేది రేణువు సైజు, అంకె పెరిగేకొద్దీ సన్నం. 'కె' రాయి గట్టిదనం, అక్షరం ముందుకు పోయేకొద్దీ గట్టి. 5 రేణువుల మధ్య ఎడం. చివరి 'వి' అంటే బట్టీలో కాల్చి అతికించిన విట్రిఫైడ్ రాయి.

మనవాళ్లు ఆ కాగితాన్ని మొదట గీకి పారేస్తారు, చూపుకు బాగుండదని. రాయి రెండు పక్కలా బిళ్లల ఒత్తిడి సమంగా పంచడానికే ఆ కాగితం పెట్టారు. అది లేకుండా బిగిస్తే ఒత్తిడంతా ఒకేచోట పడి రాయి పగలొచ్చు.

గట్టిదనం దగ్గర మహా పండితులు కూడా బోర్లా పడతారు. 'అరగని రాయి ఇయ్యన్నా' అని అడిగేవాళ్లు ఎంతమందో. అరగని రాయి కోయదు. రాయి ముఖం మీది రేణువు మొద్దుబారగానే ఊడిపోయి, వెనకున్న కొత్త రేణువు ముందుకు రావాలి. అప్పుడే కోత సాగుతుంది. అందుకే గట్టి ఉక్కుకు మెత్తటి రాయి, మెత్తటి ఇనుముకు గట్టి రాయి. దీన్ని తలకిందులు చేసి గట్టి డ్రిల్ బిట్టును గట్టి రాయి మీద అదిమితే రేణువులు ఊడవు, ముఖం అద్దంలా మెరుస్తుంది, కోతకు బదులు రాపిడి, రాపిడికి మంట. 'మోటరుకు పవర్ చాల్లేదు' అని రెండు హెచ్‌పీ కోసం మళ్లీ దుకాణం మెట్లెక్కుతాడు. వంద రూపాయల డ్రెస్సింగ్ కడ్డీతో ఆ ముఖాన్ని ఒక్కసారి గీకి ఉంటే పాత మోటరే పరుగెత్తేది.

పెట్టెతోపాటు వచ్చే బూడిదరంగు రాళ్లు గడ్డపార మొనకూ, గుంటక పాసకూ, వెల్డింగ్ గరుకు తీయడానికీ పనికొస్తాయి. హైస్పీడ్ స్టీల్ డ్రిల్ బిట్లకు తెల్ల రాయి. రాతి పనివాళ్ల కార్బైడ్ మొనలకు పచ్చ రాయి, అంటే సిలికాన్ కార్బైడ్. బూడిదరంగు దాని మీద కార్బైడ్ పెడితే అరిగేది రాయే. ఈ సిలికాన్ కార్బైడ్‌ను 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కొలిమిలో తయారుచేసి కార్బోరండం అన్నాడు. ఆ పేరు మోసే కంపెనీ 1954 నుంచి మన పక్కనే మద్రాసులో ఉంది. అచెసన్‌కు ముందు ఎక్కువగా ఇసుకరాతి చక్రాల మీదే సాన పట్టేవాళ్లు. ఇంగ్లండు షెఫీల్డ్‌లో నీళ్లు లేకుండా పొడి రాయి మీద సాన పట్టే కార్మికులు ముప్పై అయిదేళ్లు బతకడమే గగనమని 1845లో ఎంగెల్స్ రాశాడు. ఆ రాతిదుమ్ము ఏం చేస్తుందో మా జిల్లాలో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు, అయినా మేడ మీది రేకుల షెడ్డులో మాస్కు పెట్టుకునేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

ఇంతకీ ఆ షెడ్డులో జరిగే ఘనకార్యం ఏమిటి? సినిమావాళ్ల లెక్కన సీమలో గ్రైండర్ తిరిగితే వేటకొడవలి బయటికి రావాలి. నిజానికి ఎక్కువసార్లు బయటికి వచ్చేది నీలంరంగు తిరిగిన వంటింటి కత్తి. ఉక్కు అంచు నీలమైందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలిందని అర్థం, ఆ మేర దాని గట్టిదనం పోయింది. ఆ నీలాన్నే ఇల్లాలికి చూపించి 'ఎట్లా మెరుస్తాందో చూడు' అనే మహానుభావులున్నారు. వారానికే కత్తి మొద్దుబారుతుంది, తప్పు కత్తి కంపెనీది. సైకిలు స్టాండు వేసి, పెడలు తొక్కుతూ సాన పట్టే మనిషి వీధిలోకొస్తే వీళ్లు నవ్వుతారు. అతని రాయి నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టే కత్తి నీలం కాదు. మార్కెట్లో నాలుగు పోళ్ల మోటరుతో దాదాపు సగం వేగానికే తిరిగే గ్రైండర్లు కూడా దొరుకుతాయి. ఉలులకూ కత్తులకూ అవే మేలు. 'స్పీడ్ తక్కువ' అనే మాట చెవిన పడగానే మనవాడు ఆ పక్కకు చూడను కూడా చూడడు.

రాయి పగిలిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. పాతకాలంలో జంక్షన్లో బండి ఆగితే పొడవాటి సుత్తితో పెట్టెల చక్రాలు కొట్టుకుంటూ, చెవి పెట్టి వింటూ పోయే మనిషి ఉండేవాడు. డోన్ పెద్దవాళ్లకు ఆ మోత గుర్తుంటుంది. విట్రిఫైడ్ రాయికీ అదే పరీక్ష: వేలికి తగిలించి స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తట్టాలి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులుంది. రైల్వేలో జీవితమంతా చేసి రిటైరైన మనిషి కూడా తన షెడ్డులో కొత్త రాయిని తట్టి చూడకుండా బిగించి, ఎదురుగా నిలబడి స్విచ్ వేస్తాడు. పక్కకు నిలబడి ఒక నిమిషం ఉత్తగా తిప్పమని చెబితే, 'నలభై ఏండ్ల సర్వీసప్పా నాది' అంటాడు.

ఎదురుగా నిలబడటం ఎందుకు తప్పో లెక్క చెప్తాను. ఆరంగుళాల రాయి 2850 చుట్ల మీద తిరిగితే దాని అంచు సెకనుకు 22 మీటర్లు పోతుంది, గంటకు 80 కిలోమీటర్లు. ఎనిమిదంగుళాలదైతే గంటకు 107. పగిలిన ముక్క 44వ నంబరు హైవే మీద కారు పోయే వేగంతో ముఖానికి వస్తుంది. ఇది చాలదనుకునే వీరులు యాంగిల్ గ్రైండర్‌ను వైజులో బిగించి, దానికి ఆరంగుళాల బెంచ్ రాయి తొడుగుతారు. నిమిషానికి 11,000 చుట్లు. అంచు వేగం సెకనుకు 86 మీటర్లు, గంటకు 300 కిలోమీటర్ల పైచిలుకు. మామూలు విట్రిఫైడ్ రాళ్ల హద్దు సెకనుకు 35 మీటర్ల దగ్గరే ఆగుతుంది, రాతి మీద లాగుడు వేగానికి వర్గంగా పెరుగుతుంది. అంటే ఆరు రెట్లు. దీన్ని 'దేశీ తెలివి' అని వీడియో తీసి అందరికీ పంచేవాళ్లకు ఒక దండం.

తొడుగులూ రెస్టూ అసలు పాపం మూటగట్టుకున్న భాగాలు. పనిముట్టును ఆనించే రెస్ట్‌కూ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు, పైన నిప్పురవ్వల పలకకు 6. రాయి అరిగేకొద్దీ వాటిని దగ్గరికి జరుపుకుంటూ పోవాలి. సందు పెరిగితే డ్రిల్ బిట్టు అందులోకి దూరి ఇరుక్కుంటుంది, దాని వెనక వేలు పోతుంది, రాయి పగులుతుంది. చవక గ్రైండర్లలో ఈ రెస్ట్ వంచిన రేకు ముక్క. రెండు బొట్టు వెల్డింగులు, ఒక బోల్టు, వేలితో నొక్కితే ఊగుతుంది. హెచ్‌పీకి ఎర్రసిరా పోసిన కంపెనీ ఇక్కడ మందం మిగుల్చుకుంది. ఉన్న కాస్త తొడుగునూ కొన్న రోజే ఊడదీసి మేకుకు తగిలిస్తారు, 'పనికి అడ్డమొస్తాంది' అని.

2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్ ప్రకారం గ్రైండింగ్ జరిగే ప్రతి ఫ్యాక్టరీలో ఏ రాయి అంచు ఎంత వేగం దాటకూడదో రాసిన నోటీసు యంత్రం దగ్గరే కట్టాల్సి ఉండేది. కళ్లకు రక్షణ 35వ సెక్షన్. మేడ మీది షెడ్డు ఆ చట్టం కిందికి రాలేదు. అక్కడ లుంగీ కట్టి, భుజాన తువ్వాలు వేలాడేసి, చేతికి మందపాటి గ్లవ్స్ తొడిగి నిలబడతాడు యజమాని. తిరిగే రాయి దగ్గర తువ్వాలు ఎంత ప్రమాదమో గ్లవ్స్ కూడా అంతే ప్రమాదం, బట్ట చిక్కితే చెయ్యి కూడా వెంటపోతుంది. కళ్లద్దాలు మాత్రం ఉండవు, 'అంతా మసగ్గా కనపడతాది' అని.

ఇంటి పనికి కావాల్సింది నిజాయితీగా అర హెచ్‌పీ ఉన్న ఆరంగుళాల గ్రైండర్, ఊగని రెస్టులు, పనికి తగిన ఒక మంచి రాయి, ఒక డ్రెస్సర్. 'ఒక' హెచ్‌పీ బొమ్మకు పోసే డబ్బులో తేడా ఈ చివరి రెండింటికి పెట్టండి. దుకాణంలో నేమ్‌ప్లేటు మీది వాట్లు చదివించుకోండి. స్విచ్ ఆపించి, రాయి ఆగుతూ ఊగుతుందేమో పక్కనుంచి చూడండి. రెస్ట్‌ను రాయికి మూడు మిల్లీమీటర్ల దాకా మీ ఎదుటే జరిపించండి. 'అదంతా ఎవరు చూస్తారన్నా' అని అమ్మేవాడంటే, ఆ గ్రైండర్‌ను ఆయనకే వదిలేసి బయటికి రండి.